కాథీ కమ్ హోమ్: కెమెరా వదిలేసిన మనిషి

1966 నవంబర్ 16న బి.బి.సి. ‘కాథీ కమ్ హోమ్’ను ప్రసారం చేసినప్పుడు దాదాపు కోటీ ఇరవై లక్షలమంది చూశారు. జెరెమీ శాండ్‌ఫర్డ్ రాసిన ఈ టెలివిజన్ నాటకానికి కెన్ లోచ్ దర్శకుడు. బ్రిటన్‌లో ఇల్లులేనివారి గురించి చర్చ మొదలైతే నేటికీ దీని పేరు వస్తుంది. ఒక నాటకం చట్టాన్ని మార్చిందనడానికి దీన్నే ఉదాహరణగా చూపుతారు. అందులో కొంత నిజముంది. అయితే ఆ చట్టం ఈ చిత్రంలోని బలాన్నే కాక బలహీనతను కూడా వారసత్వంగా తీసుకున్నదని నాకనిపిస్తుంది.

కథ సరళమైనది. లారీ నడిపే రెజ్ ప్రమాదంలో గాయపడి పని పోగొట్టుకుంటాడు. భార్య కాథీ గర్భవతి. వాళ్ళున్న ఫ్లాట్‌లో పిల్లల్ని ఉండనివ్వరు. అత్తగారి ఇరుకింట్లో కొన్నాళ్ళు ఉంటారు. తర్వాత ఒక ముసలామె దయతో ఇచ్చిన అద్దె వాటాలోకి మారతారు. ఆమె పోయాక అక్కణ్ణుంచి గెంటివేత, ఆపైన ఒక కారవాన్, దానికీ నిప్పు. చివరికి కౌన్సిల్ నడిపే ఆశ్రయం చేరతారు. అక్కడ తల్లీపిల్లలకే చోటు, భర్తకు లేదు. ఆఖరి ఘట్టంలో రైల్వే స్టేషన్‌లో అధికారులు కాథీ చేతుల్లోంచి పిల్లల్ని లాక్కుపోతారు.

భర్తను బయట ఉంచడం రచయిత కల్పించింది కాదు. 1948 నాటి నేషనల్ అసిస్టెన్స్ చట్టం కింద నడిచిన ఆశ్రయాల్లో చాలాచోట్ల అదే పద్ధతి. పాత వర్క్‌హౌస్‌ల నుంచి భవనాలతోపాటు ఆ అలవాటూ సంక్రమించింది.

లోచ్ కెమెరా కాథీని విడిచిపెట్టదు. చిత్రానికి శక్తి అక్కడిదే. ఎక్కడా ఆమెదే తప్పని ప్రేక్షకుడు అనలేడు. ఆశ్రయంలో సిబ్బంది మీద ఆమె అరిచినప్పుడు కూడా మనం ఆమె పక్షానే ఉంటాం. రెజ్ మాత్రం క్రమంగా కథలోంచి జారిపోతాడు. ఎక్కడ పడుకుంటున్నాడో, ఏమి తింటున్నాడో మనకు తెలియదు. ఆ విషయాన్ని మనమూ పెద్దగా పట్టించుకోం. జాలి పిల్లల తల్లి చుట్టూ చేరినప్పుడు ఒంటరి మగవాడికి అందులో వాటా మిగలదు.

పదకొండేళ్ళ తర్వాత, 1977లో, లిబరల్ సభ్యుడు స్టీఫెన్ రాస్ ప్రవేశపెట్టిన బిల్లు చట్టమైంది. ఇల్లులేనివారికి వసతి చూపించడం స్థానిక కౌన్సిళ్ళ చట్టబద్ధమైన విధి అయింది. ప్రపంచంలో చాలా దేశాల పౌరులకు ఇప్పటికీ లేని హక్కిది. కానీ దానికి షరతులున్నాయి. పిల్లలో, గర్భమో, వార్ధక్యమో, అనారోగ్యమో ఉండి ‘ప్రాధాన్య అవసరం’ రుజువు కావాలి. నిరాశ్రయులు కావడంలో స్వయంకృతం ఉండకూడదు. ఆ ఊరితో సంబంధం ఉండాలి. ఈ జల్లెడలో వేసి చూస్తే కాథీ నెగ్గుతుంది, రెజ్ నెగ్గడు. కెమెరా వదిలేసిన మనిషినే చట్టమూ వదిలేసింది.

ఒంటరి మనిషికి మిగిలిన దారి తాను ‘దుర్బలుణ్ణి’ అని నిరూపించుకోవడం. ఇక్కడే మా వృత్తి ఇందులోకి వస్తుంది. ఇంటికోసం డాక్టర్ ఉత్తరం అడగని రోగి ఉన్న వీధి బ్రిటన్‌లో అరుదు. 1998లో పెరేరా కేసులో అప్పీలు న్యాయస్థానం పెట్టిన కొలమానం ప్రకారం, అర్జీదారు ‘సగటు నిరాశ్రయుడి’ కన్నా తనను తాను కాచుకోలేని స్థితిలో ఉండాలి. రోడ్డున పడినవారిలో క్షయ, మానసిక వ్యాధులు, వ్యసనాలు ఎంత ఎక్కువో తెలిసిన వైద్యుడికి ఈ కొలత విడ్డూరంగా తోస్తుంది. వార్డులో అందరికీ జ్వరముంది కనుక, ఆ సగటును మించితేనే జ్వరం కింద లెక్క అన్నట్టుంది. 2015లో సుప్రీంకోర్టు దీన్ని సరిదిద్దింది. ఇల్లు పోగొట్టుకున్న మామూలు మనిషితో పోల్చమంది. పదిహేడేళ్ళలో ఆ పాత కొలమానం ఎందరిని వెనక్కి పంపిందో!

అయితే జల్లెడ ఎందుకు కావలసి వచ్చింది? ఇళ్ళు చాలక. ఇక్కడ ఒక వివరణ అవసరం. మనకు ప్రభుత్వ గృహం అంటే ఇందిరమ్మ ఇల్లు గుర్తుకొస్తుంది. పట్టా చేతికొచ్చాక అది మన సొంతం. ఇక్కడి కౌన్సిల్ ఇల్లు అలాంటిది కాదు. ప్రభుత్వమే యజమానిగా ఉండి తక్కువ అద్దెకు ఇస్తుంది; ఒక కుటుంబం ఖాళీ చేస్తే మరొకరికి అందుతుంది. 1945 తర్వాత ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్ చేతిలోనే గృహనిర్మాణమూ ఉండేది. జాతీయ ఆరోగ్యసేవ, ఇళ్ళు ఒకే మంత్రిత్వశాఖ పనులని నేటి వైద్యవిద్యార్థులకు చెబితే ఆశ్చర్యపోతారు. ఇది ఒక పార్టీ సొత్తేమీ కాదు. 1953లో కన్సర్వేటివ్ ప్రభుత్వం ఏటా 3 లక్షల ఇళ్ళ లక్ష్యాన్ని చేరింది; వాటిలో అధికభాగం స్థానిక సంస్థలు కట్టినవే.

నిరాశ్రయుల చట్టం వచ్చిన మూడేళ్ళకు, 1980లో, థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇళ్ళను అద్దెదారులకే రాయితీమీద అమ్మే ‘రైట్ టు బై’ తెచ్చింది. ఇంగ్లండ్‌లో ఇప్పటికి అలా అమ్ముడైన ఇళ్ళు 20 లక్షలకు దగ్గర. కొన్నవారిని తప్పుపట్టలేం, జీవితంలో మొదటిసారి ఆస్తి అనేది చూసిన కార్మిక కుటుంబాలవి. తప్పంతా అమ్మకం తర్వాతి లెక్కల్లో ఉంది. 1990 నుంచి ఆ రాబడిలో నాలుగింట మూడొంతులు అప్పు తీర్చడానికని కౌన్సిళ్ళు పక్కన పెట్టవలసివచ్చింది. కొత్తవి కట్టడానికి చేతులు కట్టేశారు. 1997 తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వమూ ఆ కట్లు విప్పలేదు. చాలా సంవత్సరాల్లో ఇంగ్లండ్ కౌన్సిళ్ళన్నీ కలిసి కట్టినవి కొన్ని వందలే. హౌసింగ్ అసోసియేషన్లు కట్టినవి లోటును పూడ్చలేకపోయాయి.

అంటే విధి కౌన్సిల్‌ది, డబ్బు సంచి కేంద్రానిది. ఇల్లు దొరకనివాడు తిట్టేది కౌంటర్ వెనుక కూర్చున్న గుమస్తాను. లోచ్ చిత్రంలోనూ కోపం ఆశ్రయాల సిబ్బంది, కింది అధికారుల మీదికే మళ్ళుతుంది. కొరత గురించిన గణాంకాలు నేపథ్యస్వరంలో వినిపిస్తాయి గాని ఆ కొరతను నిర్ణయించినవారి గది ఒక్కసారీ తెరమీదికి రాదు. ఈ చిత్రం గురించి నా ప్రధానమైన అభ్యంతరం ఇదే.

ఫలితం కళ్ళెదుట ఉంది. ఇంగ్లండ్‌లో తాత్కాలిక వసతుల్లో ఉన్న కుటుంబాలు 2023లో లక్ష దాటాయి. కౌన్సిళ్ళు దీనిమీద ఏటా 200 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు చేస్తున్నాయి. కేంద్రం ఇచ్చే సబ్సిడీని మాత్రం 2011 నాటి అద్దెల ఆధారంగానే లెక్కకడుతూ వచ్చారు. తాను చౌకగా అమ్మిన ఫ్లాట్‌నే కౌన్సిల్ ఇప్పటి యజమాని నుంచి బజారు ధరకు అద్దెకు తీసుకుని నిరాశ్రయులకు ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆ యజమానుల్లో మనలాంటి జీతగాళ్ళూ ఉండవచ్చు. పదవీ విరమణకు అక్కరకొస్తుందని రెండో ఇల్లు కొన్నవాళ్ళు మన మధ్య కొత్త కాదు.

రెజ్‌కు హక్కిచ్చిన చోటు బ్రిటన్‌లో ఒకటుంది. స్కాట్లండ్ 2012 చివరికి ‘ప్రాధాన్య అవసరం’ షరతును ఎత్తివేసింది. 2016లో రైట్ టు బైని కూడా ఆపింది. అక్కడ ఇప్పుడు ఒంటరి మనిషికి డాక్టర్ ఉత్తరంతో పని లేదు. అయినా 2024 మే నెలలో స్కాట్లండ్ ప్రభుత్వం జాతీయ గృహ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. అంతకుముందే ఎడిన్‌బరా, గ్లాస్గో కౌన్సిళ్ళు తమ నగరాల్లో అదే ప్రకటన చేశాయి. హక్కు అందరికీ ఉంది. ఇవ్వడానికి ఇళ్ళు లేవు.