ముద్ర లేని పాట

గత వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి వచ్చి నా చేతిలో ఒక ఉత్తరం పెట్టాడు. పదో తరగతిలో బల్ల మీద దరువు వేసి నాచేత తిట్లు తిన్నవాడు. ఇప్పుడు కృష్ణానగర్‌లో మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటూ ల్యాప్‌టాప్ మీద పాటలు తయారు చేస్తున్నాడు. ఆ ఉత్తరాన్ని ఒక సంగీత దర్శకుడికీ, రెండు మూడు ఆడియో కంపెనీలకీ పంపాలట. "తెలుగు కాస్త దిద్దిపెట్టండి సార్" అన్నాడు. తీరా కూర్చున్నాక, దిద్దవలసింది తెలుగు కాదని తేలింది. ఇలాంటి ఉత్తరం కూడా ఒక రచనే గనక దాన్ని ఇక్కడ విమర్శకు పెడుతున్నాను. రచన కాదనేవాళ్లు మన ప్రబంధాల అవతారికలు ఒకసారి తిరగేస్తే మంచిది.

ఉత్తరం రెండు పేజీలు. మొదటి పేజీ అంతా స్తోత్రం. మీ పాటలు వింటూ పెరిగాను, ఒక్క అవకాశం ఇస్తే ప్రాణం పెట్టి పనిచేస్తాను, డబ్బు నాకు ముఖ్యం కాదు - ఇదీ ధోరణి. ఈ చివరి వాక్యాన్ని నేను ముందు కొట్టేశాను. గది అద్దె బాకీ ఉన్నవాడు రాయవలసిన వాక్యం కాదది. పైగా అది చదివినవాడు దాన్ని నిజమనే నమ్ముతాడు. రెండో పేజీలో పద్నాలుగు పాటల జాబితా. పద్నాలుగు పాటలు వినే తీరిక ఎవరికుంది? మూడు చాలు. ఆ మూడింట్లో మొదటిది అర నిమిషంలోపే పనితనం చూపాలి. పరీక్ష పేపర్లు దిద్దే నాకు ఇది బాగా తెలుసు.

అడుగున సంతకం కింద 'మ్యూజిక్ ప్రొడ్యూసర్' అని ఉంది. ఈ మాట దగ్గర ఆగాలి. మన సినిమా భాషలో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు. మావాడి అర్థంలో ప్రొడ్యూసర్ అంటే బాణీ కట్టి, తాళవాద్యాలు పేర్చి, గాయని గొంతు రికార్డు చేసి, అన్నీ కలిపి పాటని పాటగా నిలబెట్టేవాడు. ఒకే మాట పెట్టుబడికీ, శ్రమకీ పేరైంది. సినిమాలోకి పోతే ఈ పని చేసేవాణ్ని 'ప్రోగ్రామర్' అంటారు. తెరమీద ఆ పేరు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో చూడాలంటే రెప్ప వేయకూడదు.

చట్టం కూడా ఈ మాటతో ఆడుకుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బాణీకి కర్త స్వరకర్త. రికార్డింగుకి కర్త మాత్రం దాని తయారీకి చొరవా, బాధ్యతా తీసుకున్న ప్రొడ్యూసర్. తన గదిలో తన ఖర్చుతో చేసుకున్న పాటకి మావాడు రెండు విధాలా కర్తే. ఎవరో డబ్బిచ్చి సినిమాకి చేయించుకుంటే కథ మారుతుంది. వేరే ఒప్పందం లేకపోతే అలాంటి పాటకి మొదటి యజమాని సినిమా నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో చట్టాన్ని సవరించారు. హక్కులు రాసిచ్చినా, సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించడం తప్ప మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాని కవీ, స్వరకర్తా వదులుకోవడానికి వీల్లేదన్నారు. సినిమాతో సంబంధం లేని పాటకైతే ఏ వాడకానికైనా ఇదే వర్తిస్తుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే. మావాడికి ఇందులో ఒక్క ముక్కా తెలియదు. చెప్పేవాళ్లు లేరు.

అతనికి లోగడ జరిగిందేమిటంటే, ఒకాయన నమూనాగా అడిగితే ఒక బాణీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఆరు నెలల తర్వాత ఒక పెళ్లి ఊరేగింపులో తన బాణీ తనకే వినిపించింది. అడగబోతే ఆధారం లేదు. తేదీ లేదు, ఉత్తరం లేదు. ఫైలు పేరు 'ఫైనల్ కొత్తది 2'.

ఇక్కడే మన పూర్వకవులు గుర్తొచ్చారు. త్యాగరాజు కీర్తనలో తన పేరునే ముద్రగా వేశాడు. క్షేత్రయ్య పదానికి మువ్వగోపాల ముద్ర ఉంది. శ్రీనాథుడు రాజాస్థానాలన్నీ తిరిగినవాడు, తనని తాను చెప్పుకోవడంలో ఆయనకి మొహమాటం లేదు. అయినా కేవలం నోటిమాట మీద ఆధారపడలేదు. ఆశ్వాసాంత గద్యలో తండ్రి పేరుతో సహా తన పేరుని కావ్యంలోనే దిగ్గొట్టాడు. కావ్యం ఎక్కడికి పోతే పేరు అక్కడికి పోతుంది. ఆ గద్యల్ని ఆడంబరమని మనం క్లాసుల్లో దాటవేస్తాం. నేనూ దాటవేసినవాణ్నే.

ఈనాడు ఆ ముద్ర వేసే చోటు ఫైలు లోపలే ఉంది. స్వరకర్త, రచయిత, గాయని పేర్లు, ఫోను నంబరు అందులో నింపాలి. రికార్డింగుకి పన్నెండు అక్షరాలూ అంకెలూ గల ఐఎస్ఆర్‌సీ అనే గుర్తు తీసుకోవాలి. 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ సొసైటీలో స్వరకర్తగా సభ్యత్వం తీసుకోవాలి. పాటని పెన్‌డ్రైవ్‌లో కాక, తేదీ నిలిచే మెయిల్‌లో పంపాలి. రాసినవాళ్లతో, పాడినవాళ్లతో వాటాలు పాట బయటికి వెళ్లకముందే కాగితం మీద పెట్టుకోవాలి. స్నేహితులం కదా అనుకున్నవాళ్ల మధ్యే ఇది మరీ అవసరం.

మన మిత్రుల్లో కొందరు ఆత్మప్రచారమే మార్కెట్టు జబ్బు అంటారు. నేను ఒప్పుకోను. కూలి అడగడం ఆత్మప్రచారం కాదు. సంచీలో సొంత కవితా సంపుటాలు వేసుకుని సభలకు వచ్చే మనం ఆ మాట అనడం బాగుండదు కూడా.

అయితే ఎవరి తలుపు తట్టాలి అన్నది వేరే ప్రశ్న. ఇళయరాజా 1976లో 'అన్నకిళి'కి ముందు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడు. కీరవాణి చక్రవర్తి దగ్గర పనిచేసి, 1990లో 'మనసు మమత'తో బయటపడ్డాడు. రెహమాన్ 1992లో 'రోజా'కి ముందు వ్యాపార ప్రకటనలకి సంగీతం చేశాడు. ముగ్గురినీ ముందుకు తెచ్చింది అంతకుముందు చేసిన పని. సహాయకులుగానే వెలుగు లేకుండా ముగిసిపోయినవాళ్లు ఎందరో లెక్క ఎవరూ రాయలేదు, అది మరిచిపోకూడదు. అందుకే పెద్ద సంగీత దర్శకుడికి అర్జీ పెట్టేకన్నా, ఇవాళ పాట అవసరమున్నవాళ్ల దగ్గరికి పొమ్మన్నాను. పొట్టి సినిమాలు తీసే కుర్రాళ్లు, నాటక బృందాలు, యూట్యూబులో జానపద పాటలు విడుదల చేసే చానళ్లు ఉన్నాయి. పేరు వేస్తామని రాసిచ్చేవాళ్లకే చేయమన్నాను.

ఆ తర్వాత పద్నాలుగింట్లో మూడు ఏరుదామని పాటలన్నీ విన్నాను. పదకొండు పాటలు ఎవరివో ఒకరివిలా ఉన్నాయి. ఒకటి మాత్రం నన్ను లేచి కూర్చోబెట్టింది. వాళ్ల ఊళ్లో నాట్లేసేటప్పుడు ఒక ముసలామె పాడుతుంటే ఫోనులో పట్టి, కింద డప్పు వేశాడు. ఇంకేమీ వేయలేదు. ఆ సంయమనం అతనిది, మెచ్చుకోవాలి. కాని జాబితాలో ఆ పాట ఎదుట సంగీతం, సాహిత్యం రెండింటికీ తన పేరే రాసుకున్నాడు.

"ఇదేమిట్రా?" అన్నాను.

"జానపదమే కద సార్, ఎవరిదీ కాదు."

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' వచ్చినప్పుడు, ఆ పాటని సేకరించి ముందే పాడినవారికి గుర్తింపు ఏదన్న గొడవ పత్రికలకెక్కింది. పాట ఎవరిదీ కాకపోవచ్చు. పాడిన గొంతు మాత్రం ఆమెదే, దానికి 1994 నుంచి చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది. పెళ్లి ఊరేగింపులో తనకి జరిగిందేమిటో, ఇక్కడ తను చేస్తున్నదేమిటో పక్కపక్కన పెట్టి చూసుకోమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఉత్తరం ఇప్పుడు పది వాక్యాలకి వచ్చింది. స్తోత్రం పోయింది, డబ్బు సంగతి స్పష్టంగా ఉంది, పాటలు మూడే. మొదటిది ఆ నాట్ల పాట. దాని ఎదుట పాడినవారి పేరు రాయవలసిన చోట ఖాళీ ఉంది. ఆమె పేరు అతనికి తెలియదు. వీధిలో అందరూ పెద్దవ్వ అంటారట. ఊరికి పోయి పేరు అడిగి, ఆమె ఒప్పుకుంటేనే పంపుతానని వెళ్లాడు.