పాచిక పడ్డాకే ముగిసే కథలు

బోర్నియో ద్వీపంలో మలేసియాకు చెందిన సరవాక్ రాష్ట్రం ఉంది. అక్కడి బతాంగ్ లుపార్ ఉపనదిలో 1992 మే 22న ఒక మొసలిని చంపారు. కొలిస్తే 19 అడుగుల 3 అంగుళాలు తేలింది. వీపు మీద తెల్లని చార. ఏళ్ల తరబడి మనుషుల్ని పొట్టన పెట్టుకున్న ఆ మొసలికి ఒడ్డునున్న ఊళ్లవాళ్లు బుజాంగ్ సెనాంగ్ అని పేరు పెట్టుకున్నారు. కులాసా బ్రహ్మచారి అని అర్థం. ఇబాన్ తెగవాళ్లు చెప్పుకునే కథలో అది పుట్టుమొసలి కాదు. సిమలుంగున్ అనే వీరుణ్ణి ఎదురుగా నిలబడి గెలవలేక, శత్రువులు అతని భార్యను చెరపట్టారట. ఆమె కోసం వచ్చినవాణ్ణి ఏటి దగ్గర బల్లేలతో పొడిచారట. ఏటి దేవత జాలిపడి అతన్ని మొసలిని చేసింది. అతను పగ పట్టాడు.

గజేంద్ర మోక్షం వింటూ పెరిగిన మనకు ఇది పరాయి కథ అనిపించదు. ఏనుగు కాలు పట్టిన మకరం కూడా దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడే. మన గంధర్వుడికి చక్రం వచ్చి విముక్తి ఇచ్చింది. సిమలుంగున్‌కు తుపాకులు వచ్చాయి.

ఈ మొసలి నీడ స్పష్టంగా పడిన పుస్తకం ఒకటుంది. పేరు 'ది లోర్న్ సాంగ్ ఆఫ్ ది బాచిలర్'. రాసినవాడు మలేసియా రచయిత జెడెక్ సియూ, బొమ్మలు వేసినవాడు నధీర్ నోర్. 2010ల చివర్లో హైడ్రా కోఆపరేటివ్ అనే అమెరికా సంస్థ వేసింది. అది రచయితలే కలిసి నడుపుకునే చిన్న ప్రచురణ సంస్థ. నవలలు వేయదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటలకు, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్స్‌కు, కావలసిన పుస్తకాలు వేస్తుంది. ఫాంటసీ రాసేవాళ్లు తొలినాళ్లలో ఇలాంటి సంస్థలకు రాయడం కొత్తేమీ కాదు. కానీ సియూ రాసిన తీరు కొత్తది. దాని పనితనం గురించే ఈ వ్యాసం.

ఆ ఆట గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఒక్కో పాత్ర వేస్తారు. 'మీరు రేవు చేరారు, పడవవాడు లేడు, ఏం చేస్తారు?' అని నడిపేవాడు అడుగుతాడు. ఆడేవాళ్లు చెప్పిందాన్ని బట్టి, పాచిక పడిందాన్ని బట్టి కథ సాగుతుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ పద్ధతి స్థిరపడింది. నడిపేవాడి చేతిలో ఉండే పుస్తకంలో ఊరు ఉంటుంది, మనుషులు ఉంటారు, వాళ్ల అవసరాలూ భయాలూ ఉంటాయి, ముగింపు మాత్రం ఉండదు. హరిదాసు గారికి కథ మొత్తం కంఠతా వచ్చు, పిట్టకథ ఎక్కడ వేయాలన్నది మాత్రం సభను చూసి తేల్చుకుంటారు. ఈ నడిపేవాడికి అసలు కథ కూడా సభలోనే పుట్టాలి.

ఇలాంటి ఆటల సంస్థల నీడన ఎదిగిన రచయితలు చాలామందే ఉన్నారు. చార్లెస్ స్ట్రాస్ కుర్రతనంలో కల్పించిన వింతజీవులు 1981లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట పుస్తకం 'ఫీండ్ ఫోలియో'లో అచ్చయ్యాయి. తర్వాత ఆయన పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యాడు. గేమ్స్ వర్క్‌షాప్ అనే ఆటల సంస్థ 1989లో డేవిడ్ ప్రింగిల్ సంపాదకత్వంలో కథా సంకలనాలు వేసినప్పుడు విలియం కింగ్ 'గెహైమ్‌నిస్‌నాఖ్ట్' అనే కథ రాశాడు. చావును వెతుక్కుంటూ తిరిగే మరుగుజ్జు యోధుడు గోట్రెక్, వాడి వెంట నడిచే కవి ఫీలిక్స్ ఆ కథలోనే ప్రాణం పోసుకున్నారు. అది మంచి కథ. అయితే ఆటలోని లోకాన్ని తీసుకుని మామూలు కథలా రాసింది. మొదలూ తుదీ రచయిత చేతిలోనే ఉంటాయి. సియూ దగ్గర ఆట పుస్తకమే సాహిత్యం. దాని పక్కన పెట్టుకుని చదవాల్సిన కథ వేరే ఏదీ లేదు.

'బాచిలర్' అమరిక చూడండి. ఒక నది. ఆ నదినే నమ్ముకుని బతికే జనం. వాళ్లను తరతరాలుగా పీడించే, శాపం మోస్తున్న మొసలి. దూరదేశం నుంచి వ్యాపారానికి దిగిన ఒక కంపెనీ. ఈ మూడు పక్షాల నడుమకు ఆటగాళ్లు వస్తారు.

కంపెనీ అన్న మాట దగ్గర మనం ఆగాలి. మచిలీపట్నం రేవులో ఆంగ్లేయుల వర్తకశాల పెట్టించుకున్న నేల మనది. బోర్నియో వాళ్లకు ఆ అనుభవం ఇంకా ఘాటు. ఉత్తర బోర్నియోను, నేటి సబాను, 1881 నుంచి ఏలింది అచ్చంగా ఒక చార్టర్డ్ కంపెనీయే. సరవాక్‌ను 1841 నుంచి 1946 దాకా బ్రూక్ అనే ఇంగ్లీషు కుటుంబం రాజులై ఏలింది. కాబట్టి ఏటి ఒడ్డున పాకలు వేసుకున్న కంపెనీ మనుషులు ఈ కథలోకి అలంకారం కోసం రాలేదు.

అమెరికాలో వచ్చిన తొలినాటి ఆట పుస్తకాల్లో బాగా పేరున్నది గైగాక్స్ రాసిన 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్'. అందులో సరిహద్దు మీద ఒక కోట ఉంటుంది. కోటలోపల నాగరికులు, బయట గుహల్లో రాక్షసజాతులు. ఆటగాళ్లు కోటలో బయల్దేరి గుహల్లో దూరి, చంపి, సొమ్ము తెచ్చుకుంటారు. ఈ చట్రం ఎంత అలవాటైపోయిందంటే, కోట కట్టకముందు ఆ నేల ఎవరిది అని అడిగినవాళ్లు తక్కువ. సియూ ఆ ప్రశ్నను ఉపన్యాసంగా అడగడు. ఆటగాళ్లను కంపెనీకీ నది జనానికీ మధ్య నిలబెట్టి ఊరుకుంటాడు. మొసలిని చంపమని ఎవరు కోరుతున్నారు, మొసలి పోతే నది ఎవరికి దక్కుతుంది అన్న లెక్క ఆటగాళ్లకే తట్టాలి. తట్టిన క్షణాన వాళ్ల చేతిలోని బల్లెం బరువెక్కుతుంది. నవలలో రచయిత పుటలకు పుటలు ఖర్చుపెట్టి రప్పించాల్సిన ఇబ్బంది ఇక్కడ పాఠకుడి సొంత నోటి నుంచి వస్తుంది.

ఇక వాక్యాల సంగతి. సియూ వాక్యం పొట్టిది. క్రియ ముందుకు తోస్తుంటుంది, విశేషణాలు తక్కువ. అంతకన్నా ముఖ్యమైన సుగుణం ఒకటుంది. 'ఇక్కడి ప్రజలు ఇలా నమ్ముతారు' అనే మాట ఆయన దగ్గర వినపడదు. దాని విలువ తెలియాలంటే 1900లో వచ్చిన 'మలే మ్యాజిక్' తిరగేయాలి. సెలాంగోర్‌లో ఉద్యోగం చేసిన డబ్ల్యూ. డబ్ల్యూ. స్కీట్ మలయా పల్లెల మంత్రతంత్రాలనూ దెయ్యాలనూ శ్రద్ధగా పోగేసిన పెద్ద పుస్తకం అది. స్కీట్ శ్రమకు నమస్కారమే. కానీ ప్రతి దెయ్యానికీ ఆయన పక్కన నిలబడి దాన్ని నమ్మేవాళ్లను మనకు చూపిస్తుంటాడు. సియూ అలా పక్కన నిలబడడు. మొసలి శాపం తగిలిన జీవి అంటే శాపం తగిలిన జీవే. దాన్ని లెక్కలోకి తీసుకుని ఆ ఊళ్లో చేపలు పట్టాలి, పెళ్లిళ్లు చెయ్యాలి, అప్పులు తీర్చాలి. మన పల్లెల్లో పోలేరమ్మ ఊరేగింపు గురించి చెప్పేవాళ్లు ఎవరూ 'మా విశ్వాసం ప్రకారం' అని మొదలుపెట్టరు కదా, ఆ నిబ్బరమే ఇది.

ఆట పుస్తకాల్లో పట్టికలు ఉంటాయి. పాచిక వేసి, పడిన అంకెకు ఎదురుగా ఉన్నది చదవాలి. చాలామంది రచయితలకు అది ఒక జాబితా మాత్రమే: ఒకటికి తోడేళ్లు, రెండుకు దొంగలు. సియూ చేతిలో పట్టికలోని ప్రతి వరసా ఒక చిట్టికథ. ఆయన వాక్యాలు ఎత్తి రాయకుండా, అదే పద్ధతిలో మన గోదావరి లంక ఒకటి ఊహించుకుని మూడు వరసలు నేనే అల్లి చూపిస్తాను.

ఒకటి పడితే: పడవవాడు డబ్బు పుచ్చుకోడు. రేవు దాటించినందుకు మీ పేరు అడుగుతాడు. ఇచ్చేస్తే మళ్లీ ఎవరూ ఆ పేరుతో పిలవలేరు.

రెండు పడితే: ఇద్దరు అన్నదమ్ముల తగువు. నిరుడు వరదకు కొట్టుకుపోయిన పొలం ఇవాళ తిరిగొచ్చి, పక్క ఊరి గట్టుకు ఆనుకుంది. పంట కోతకు సిద్ధంగా ఉంది.

మూడు పడితే: ముసలమ్మ రోజూ పొద్దుగూకే వేళ ఏట్లోకి అన్నం ముద్ద వేస్తుంది. నిన్న వేసిన ముద్ద ఇవాళ కూడా నీళ్ల మీద తేలుతోంది.

మొదటిది అందంగా ఉంది గాని ఆటకు అంతగా పనికిరాదు, అవునో కాదో చెప్పి ముందుకు పోవచ్చు. రెండోది మెరుగు, నలుగురు మనుషులూ ఒక పంటా ఒక కొడవలీ వెంటనే కదులుతాయి. మూడోదాన్లో మొసలి అన్న మాటే లేదు. ముద్ద ఇన్నాళ్లూ ఎవరు తిన్నారో చెప్పలేదు, నిన్న ఎందుకు తినలేదో చెప్పలేదు. అయినా బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు నీళ్లకేసి చూస్తారు, ఇంకొకరు ముసలమ్మను పలకరిస్తారు, మూడోవాడు పడవ విప్పుతాడు. సియూ మంచి వరసలన్నీ ఈ మూడో రకంలోవి. వర్ణన ఎంత తగ్గినా, పట్టుకోవడానికి ఒక పిడి మాత్రం వదిలిపెట్టాలి. చెప్పకుండా ఆపిన చోటు సరిగ్గా ఆటగాడి చెయ్యి ఆనే చోటు కావాలి. ఒక వాక్యం ముందు ఆపితే అయోమయం, ఒక వాక్యం తర్వాత ఆపితే కథ చచ్చిపోతుంది. ఈ కొలత ఆయనకు బాగా తెలుసు.

ఈ చెయ్యి ఎక్కడ తిరిగిందో వెతికితే 2018లో మేపుల్ కామిక్స్ వేసిన 'క్రీచర్స్ ఆఫ్ నియర్ కింగ్‌డమ్స్' కనబడుతుంది. లేని జంతువులు, లేని మొక్కల గురించి అతి చిన్న కథలు, షారన్ చిన్ బొమ్మలతో. శాస్త్ర గ్రంథంలో నమోదులా మొదలై, ఆ జీవి మనుషుల బతుకుల్లోకి ఎలా దూరిందో చెప్పే తీరు. పుట దాటని నిడివిలో ఒక లోకాన్ని నిలబెట్టే సాధన అది. పాచికల పట్టిక ఆ సాధనకు అచ్చంగా సరిపోయే చోటు.

చిత్రకారుడు మున్ కావ్‌తో కలిసి తెచ్చిన 'ఎ థౌజండ్ థౌజండ్ ఐలండ్స్' చిరుపుస్తకాల వరుస ఇదే కాలానిది. సన్నటి పుస్తకాలు, నలుపు తెలుపు బొమ్మలు. ఒక్కో పుస్తకం ఒక్కో తావు. మొసళ్లు ఏలే 'మ్ర్-క్ర్-గ్ర్', కొయ్య చెక్కేవాళ్లూ పిల్లులూ ఉన్న పల్లె 'క్రాచింగ్', కాలం ప్రేమించిన అడవి 'అప్పర్ హెలెంగ్', కుక్కకొండ మీది రాణి కథ 'అంజాంగ్'. ఏ ఒక్క ఆట నియమాలకూ వీటిని కట్టెయ్యలేదు. బలం ఇంత, ప్రాణం ఇంత అనే అంకెలు లేవు. వాటిని తీసేశాక పుస్తకాన్ని నిలబెట్టాల్సింది మాటా బొమ్మా మాత్రమే. మున్ కావ్ బొమ్మల్లో మనుషులు మనల్ని చూసి నిలబడినట్టు ఉండరు, వాళ్ల పనిలో వాళ్లుంటారు. నగ, పంచె కట్టు, గంప పట్టుకున్న తీరు బొమ్మ చెప్పేస్తుంది కాబట్టి మాట వాటి జోలికి పోదు, మనిషి మనసులో ఏముందో చూసుకుంటుంది. 1985లో అమెరికా నుంచి 'ఓరియంటల్ అడ్వెంచర్స్' అనే పుస్తకం వచ్చింది. ఆసియా అంటే సమురాయ్‌లు, నింజాలు అన్నట్టు ఆటగాళ్ల తలలో నాటుకుపోయింది. ఆగ్నేయాసియాకు అందులో దక్కిన చోటు చాలా తక్కువ. దానికి కోపంగా జవాబు రాయొచ్చు. వీళ్లిద్దరూ అలా చెయ్యకుండా తమ ఊళ్లను తాము శ్రద్ధగా గీసుకున్నారు, రాసుకున్నారు. తర్వాత అదే శ్రద్ధతో, పాఠకుల నుంచి ముందుగా చందాలు పోగుచేసి, 'రీచ్ ఆఫ్ ది రోచ్ గాడ్' అనే పెద్ద పుస్తకం తెచ్చారు.

ఇక్కడ ఒక సంగతి నన్ను తొలుస్తుంటుంది. పేరాక్ రాష్ట్రం బగాన్ దతో కొబ్బరి తోటలకు, మరెన్నో రబ్బరు తోటలకు మన తెలుగువాళ్లు కూలికి వెళ్లి స్థిరపడి తరాలు గడిచాయి. వాళ్ల వెంట గ్రామదేవతలూ వెళ్లారు, అక్కడి హంతులతో, అంటే మలయ్ దెయ్యాలతో, ఇరుగుపొరుగు అయ్యారు. తోట కూలీల లైన్ల ఇళ్లలో రాత్రిపూట చెప్పుకున్న ఆ కలగాపులగపు కథలు సియూ పద్ధతికి ఎంత బాగా అమరుతాయో! కంకాణీ, అంటే కూలీల మేస్త్రీ, లెక్కల పుస్తకానికీ రబ్బరు చెట్టు మీది హంతుకూ మధ్య ఆటగాళ్లను నిలబెట్టే పుస్తకం మలేసియా తెలుగు కుర్రవాళ్లో అమ్మాయిలో రాస్తే చదవాలని నాకు ఆశ.

సియూలో లోటు లేదా అంటే ఉంది. ఒంటరిగా చదివేవాడికి 'బాచిలర్' కొంత ఆకలి మిగులుస్తుంది. మూడు పక్షాల మధ్య బిగిసిన తాడు ఎటు తెగుతుందో ఆడితేనే తెలుస్తుంది. పుస్తకం మూసేస్తే అది బిగిసినట్టే ఉండిపోతుంది. చిరుపుస్తకాలకు ఆ ఇబ్బంది తక్కువ, వాటిని యాత్రాకథల్లా చదువుకోవచ్చు. కొత్తవాళ్లు 'క్రాచింగ్'తో మొదలుపెట్టడం మేలు. పట్టికలను కూడా దాటవేయకుండా, వరసకు ఒక్క నిమిషం ఆగి చదవాలి. 'బాచిలర్'ని మాత్రం నలుగురు దొరికేదాకా అట్టే పెట్టండి. వాళ్లలో ఒకరైనా కంపెనీ ఉద్యోగం చేసినవాళ్లయితే ఆట ఇంకా రంజుగా ఉంటుంది.