పూల పేర్ల గూఢచారులు - పాఠకుల తీర్పులు

అమ్ముడుపోయే నవలల మీద పాఠకులు ఏమనుకుంటున్నారో మన విమర్శకులు పెద్దగా పట్టించుకోరు. "కాలక్షేపం సరుకు" అని ఒక్క మాటతో తోసేస్తారు. కాని ఆ సరుకు కొనేవాళ్ళు, అద్దెకు తెచ్చుకునేవాళ్ళు, లైబ్రరీలో అడిగి తీసుకునేవాళ్ళు ఎవరు? మనం ఎవరి కోసం రాస్తున్నామని చెప్పుకుంటున్నామో ఆ మనుషులే. వాళ్ళకేం నచ్చిందో, ఏది నచ్చలేదో వినకుండా వాళ్ళ అభిరుచిని మారుస్తామనడం ఉత్త మాట. అలాగని పాఠకుడు మెచ్చిందే మంచి పుస్తకం అనే వ్యాపార సూత్రానికి తలవంచనూ లేం. ఈ రెంటికీ మధ్య చెయ్యవలసిన పని ఒకటుంది. పాఠకుల అభిప్రాయాన్ని కూడా ఒక రచనలాగే పరీక్షించడం. అందులో ఏముంది, ఏది లేదు, ఎందుకు లేదు అని అడగడం. ఈ పనికి నేను ఒక సరదా చారిత్రక ప్రణయ నవలను తీసుకుంటున్నాను.

2005లో అమెరికాలో వెలువడిన 'ద సీక్రెట్ హిస్టరీ ఆఫ్ ద పింక్ కార్నేషన్' అనే నవల అది. రచయిత్రి లారెన్ విల్లిగ్ హార్వర్డ్‌లో చరిత్ర పరిశోధన చేసిన మనిషి. నవలలో రెండు కథలున్నాయి. ఎలోయిస్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థిని నెపోలియన్ కాలపు ఇంగ్లీషు గూఢచారుల మీద సిద్ధాంత వ్యాసం రాయడానికి లండన్ వస్తుంది. ఒక పాత కుటుంబం దగ్గర దాచివున్న ఉత్తరాలు ఆమెకు దొరుకుతాయి. ఆ ఉత్తరాల్లోంచి 1803 నాటి కథ తెరుచుకుంటుంది. తండ్రిని గిలటిన్‌కు పోగొట్టుకుని ఇంగ్లండులో పెరిగిన ఏమీ అనే అమ్మాయి, ఎలాగైనా గూఢచారి కావాలని పారిస్‌కు బయలుదేరుతుంది. అక్కడ 'పర్పుల్ జెంటియన్' అనే మారుపేరుతో పనిచేస్తున్న లార్డ్ రిచర్డ్ సెల్విక్‌తో ప్రేమలో పడుతుంది. మారువేషాలు, అర్ధరాత్రి తోటలు, అపార్థాలు, చివరికి పెళ్ళి. పాఠకులకు ఇది ఎంత నచ్చిందంటే 2015 దాకా ఈ వరసలో 12 నవలలు వచ్చాయి.

ఈ నవల మీద పాఠకులు రాసినవీ, చదివిన మిత్రులు చెప్పినవీ చాలా అభిప్రాయాలు చూశాను. అవి మొత్తం మీద నాలుగు రకాలు. హాయిగా ఉంది, నవ్వించింది, అలసట తీరింది అన్నవాళ్ళు మొదటి రకం. చరిత్ర అనుకుని కొంటే ప్రేమకథ అంటగట్టారని కోప్పడినవాళ్ళు రెండో రకం. 1803 నాటి అమ్మాయి ఇప్పటి కాలేజీ పిల్లలాగా మాట్లాడుతోందనీ, పెళ్ళికాని పిల్ల అలా తిరగడం ఆ కాలంలో కుదిరేది కాదనీ తప్పులు పట్టినవాళ్ళు మూడో రకం. నాయిక తెలివితక్కువది, కళ్ళెదుట ఉన్న మనిషిని పోల్చుకోలేనిది గూఢచర్యం ఏం చేస్తుంది అని విసుక్కున్నవాళ్ళు నాలుగో రకం. ఈ అభిప్రాయాలన్నిటిలో ఎంతో కొంత నిజం ఉంది. కాని ఈ నాలుగింటిలోనూ ఒక ప్రశ్న కనిపించదు. అది ఏమిటో చెప్పే ముందు ఒక్కొక్క అభిప్రాయాన్నీ న్యాయంగా చూడాలి.

హాయిగా ఉందన్న పాఠకురాలిని వెక్కిరించే అధికారం ఎవరికీ లేదు. పగలంతా ఆఫీసులోనో, వంటింట్లోనో, రెండు చోట్లానో అరిగిపోయిన మనిషికి ఒక గంట నవ్వు అవసరం. పైగా ఈ నవలలో పాఠకురాళ్ళను నిజంగా పట్టి ఉంచింది ప్రేమ ఒక్కటే కాదు. ఏమీ కోరుకునేది మొగుణ్ణి కాదు, పనిని. ఇంగ్లండు పల్లెటూరి ఇంట్లో కూర్చుని అల్లికలు అల్లుకోవడం కాక, లోకంలో తన వంతు ఏదో చెయ్యాలని ఆమె తపన. చివరికి పింక్ కార్నేషన్ అనే పేరు వెనక ఉన్నది మగవాడు కాదని తెలుస్తుంది. ఎలోయిస్ కూడా పుస్తకాల మధ్య, కాగితాల మధ్య తన తిండి తాను సంపాదించుకోవాలనుకునే పిల్లే. ఈ కోరిక నిజమైనది. మన దగ్గర 'గోన గన్నారెడ్డి'లో మగవేషం వేసుకున్న అన్నాంబికను చూసి తెలుగు పాఠకురాళ్ళు ఎందుకు మురిసిపోయారో, వీళ్ళూ అందుకే మురిసిపోయారు. 1960, 70లలో రచయిత్రుల సీరియల్ నవలలను కలల వ్యాపారం అని కొట్టిపారేసిన విమర్శకులు, ఆ కల ఎందుకు కావలసి వచ్చిందని అడగలేదు. ఆ నిర్లక్ష్యాన్ని మళ్ళీ చెయ్యనక్కరలేదు.

మాట తీరు ఆ కాలానిది కాదన్న విమర్శ పైకి గట్టిగా కనిపిస్తుంది కాని లోపల బలం లేనిది. 200 ఏళ్ళ నాటి మనుషులు మాట్లాడినట్టే రాస్తే ఇవాళ ఎవరూ చదవలేరు. చారిత్రక నవల మీద 1937లో పుస్తకం వెలువరించిన లూకాచ్, హెగెల్ చెప్పిన మాటను తీసుకుని, కొంత కాలవ్యత్యాసం తప్పనిసరి అన్నాడు. ఆనాటి మనుషులకు తమ గురించి తమకు అంత స్పష్టంగా తెలియని సంగతులను రచయిత వాళ్ళ నోట స్పష్టంగా పలికించవచ్చు. అయితే ఒక షరతు ఉంది. ఆ కాలపు అసలు ఘర్షణ చెడిపోకూడదు. భాష కొత్తదైనా పరవాలేదు, బలాబలాలు తారుమారు కాకూడదు.

ఇక్కడే నేను చెప్పదలచిన ప్రశ్న వస్తుంది. గౌను కుట్టు తప్పయితే పాఠకులు పట్టేశారు. చరిత్ర ఏ పక్కకు ఒరిగిందో పట్టలేదు. ఈ కథలో గూఢచారులు ఎవరి కోసం పనిచేస్తున్నారు? ఎవరి డబ్బుతో? ఎవరికి వ్యతిరేకంగా?

ఈ పూల పేర్ల గూఢచారుల మూలపురుషుడు 'స్కార్లెట్ పింపర్నెల్'. బేరొనెస్ ఆర్జీ దాన్ని మొదట నాటకంగా 1903లో నాటింగ్‌హాంలో ఆడించింది, 1905లో నవలగా అచ్చువేయించింది. 1865లో హంగరీ జమీందారీ కుటుంబంలో పుట్టిన మనిషి ఆమె. తండ్రి తన భూముల్లోకి వ్యవసాయ యంత్రాలు తెస్తే, కడుపు కొట్టుకుపోతుందని భయపడ్డ రైతులు తిరగబడి నిప్పు పెట్టారు. 1868లో కుటుంబం ఆ ఎస్టేటు వదిలిపోయింది. ఆ మంటను మేడమీది నుంచి చూసినవాళ్ళు ఒక రకంగా చెబుతారు, పొలంలోంచి చూసినవాళ్ళు మరొక రకంగా చెబుతారు. ఆర్జీ నవలలో పారిస్ ప్రజలు నెత్తురు కోసం అరిచే గుంపు. ప్రభువులు పాపం అమాయకులు. వాళ్ళను రక్షించేవాడు సర్ పెర్సీ అనే ఇంగ్లీషు దొర. విల్లిగ్ నవల ఈ పటాన్ని మార్చలేదు. నవ్వుతూ మళ్ళీ గోడకు తగిలించింది.

గిలటిన్ అబద్ధమని నేను అనడం లేదు. 1792 సెప్టెంబరులో పారిస్ జైళ్ళలో వెయ్యిమందికి పైగా హత్యకు గురయ్యారు. 1793-94 భీతావహ పాలనలో న్యాయస్థానాలు శిక్ష వేసి చంపినవాళ్ళే దాదాపు 17,000 మంది. ఈ లెక్కను దాచిపెట్టే విప్లవాభిమానం చరిత్రకు పనికిరాదు. కాని ఆ 17,000 మంది ఎవరు? డోనాల్డ్ గ్రీర్ అనే చరిత్రకారుడు 1935లో ఈ శిక్షలను వర్గాలవారీగా లెక్కకట్టాడు. అందులో ప్రభువులు నూటికి 8 లేక 9 మంది. మతాధికారులు 6 లేక 7. మిగిలిన 85 మంది సామాన్య జనం, అంటే రైతులు, కూలీలు, చేతిపనివాళ్ళు, దుకాణదారులు. చచ్చిపోయినవాళ్ళలో అత్యధికులకు నవలలో పేరు లేదు. వాళ్ళను రక్షించడానికి ఏ పింపర్నెల్లూ పడవ ఎక్కి రాలేదు. సమతూకం లేదన్నది అసలు అభ్యంతరం. కన్నీళ్ళు కూడా కులీనులకే కేటాయించినప్పుడు అది కేవలం సరదా కాదు.

గూఢచర్యం సంగతీ అంతే. 1800 డిసెంబరు 24 రాత్రి పారిస్‌లో సెన్ నికేజ్ వీధిలో బొనపార్తును చంపడానికి రాచపక్షం వాళ్ళు బండిలో మందుగుండు పేర్చారు. గుర్రాన్ని పట్టుకుని నిలబడితే 12 సూలు ఇస్తామని 14 ఏళ్ళ పేదపిల్లను నిలబెట్టారు. బొనపార్తు బతికాడు. ఆ పిల్ల, వీధిలో ఉన్న మరికొందరు చచ్చిపోయారు. బొనపార్తు ఆ నేరాన్ని తన ఎడమపక్షపు శత్రువుల మీద వేసి, 130 మంది జాకోబిన్లకు ప్రవాసశిక్ష వేశాడు. చేసింది రాచపక్షం వాళ్ళని అతని పోలీసు మంత్రి ఫూషే తేల్చిన తర్వాత కూడా ఆ శిక్ష రద్దు కాలేదు. ఆ పన్నాగం వెనక ఉన్న కడుదాల్ ముఠాకు పెట్టుబడి ఇంగ్లండు ఖజానాది. ఆ మనిషే 1803 ఆగస్టులో, అంటే మన నవలా కాలంలోనే, మళ్ళీ ఫ్రాన్సు తీరంలో రహస్యంగా దిగి 1804లో పట్టుబడి ఉరికంబం కాదు, గిలటిన్ ఎక్కాడు. గూఢచర్యం అంటే ఇది. ఇందులో మారువేషం ఉంది, ధైర్యం ఉంది, 12 సూల పిల్ల కూడా ఉంది. నవల మొదటి రెండింటినీ తీసుకుని మూడోదాన్ని వదిలేసింది.

ఇదంతా ఎక్కడో ఐరోపా గొడవ అనుకునే పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఈ వరసలో ఆరో నవల 'ద బిట్రేయల్ ఆఫ్ ద బ్లడ్ లిలీ' 2010లో వచ్చింది. ఆ కథ 1804లో హైదరాబాదులో జరుగుతుంది. నిజాం దర్బారుకు వచ్చిన ఇంగ్లీషు దొరసాని, ఆమె వెంట ఒక కెప్టెన్, రాజ్యంలో కుట్ర చేస్తున్న గూఢచారి. అంటే మన చరిత్రే ఇక్కడ ప్రణయానికి తెర.

ఆ తెర వెనక ఏం జరుగుతోంది? 1798 సెప్టెంబరులో నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కంపెనీ పటాలాలకు ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు చెల్లించాలి. ఆ అక్టోబరులోనే, రేమండ్ తీర్చిదిద్దిన ఫ్రెంచి పటాలాల ఆయుధాలు లాగేశారు. రేమండ్ అప్పటికే చనిపోయాడు. అంటే మన నవల మొదలయ్యే నాటికి ఫ్రెంచి సైన్యం పోయి ఆరేళ్ళు. కాని ఫ్రెంచి భయం పోలేదు, పోనివ్వలేదు. గవర్నర్ జనరల్ వెలస్లీకి అది చాలా పనికొచ్చిన భయం. 1800లో పటాలాల ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం కంపెనీ చేతికి పోయాయి. దత్తమండలాలనే పేరు అలా పుట్టింది. 1800 నుంచి 1807 దాకా అక్కడ కలెక్టరుగా ఉన్న మన్రో, 80 మంది పాలెగాళ్ళను అణిచి, శిస్తు నేరుగా రైతు చేతిలోంచే గుంజే పద్ధతిని స్థిరపరిచాడు. రెసిడెన్సీలో విందు జరుగుతున్న రాత్రి, ఆ విందు ఖర్చుకు లంకె ఉన్న రైతు అనంతపురం నల్లరేగడిలో ఉన్నాడు.

రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్‌కు, ఖైరున్నీసాకు మధ్య నడిచిన నిజమైన ప్రేమకథను డాల్రింపుల్ 2002లో 'వైట్ ముఘల్స్'లో చెప్పాడు. ప్రేమ అబద్ధం కాదు. కాని ఆ ప్రేమికుడే 1798 సంధి మీద, 1800 సంధి మీద కంపెనీ తరఫున బేరమాడినవాడు. రెండూ ఒకే మనిషిలో ఉండటమే నవలకు దొరికిన బంగారం లాంటి వస్తువు. వినోద నవల ఆ వైరుధ్యాన్ని ముట్టుకోదు. కుట్ర అంటే ఎవరో ఒక దుర్మార్గుడి పని అని తేల్చేసి ఊపిరి పీల్చుకుంటుంది. అసలు కుట్ర సంతకాలతో, ముద్రలతో, పట్టపగలు జరిగిన సంధి అని చెప్పదు. నేను ఈ నవల మీద పెట్టే పెద్ద అభియోగం ఇదే. కంపెనీ చెప్పుకున్న కథనే అది కథగా చెప్పింది.

అయినా పాఠకుల్లో ఐదో రకం ఒకటుంది. తక్కువమందే కాని, నాకు వాళ్ళ మీదే ఆశ. నవల మూసి, ఇది నిజంగా జరిగిందా అని చరిత్ర పుస్తకం తెరిచినవాళ్ళు. ఎలోయిస్ పాత్ర వాళ్ళకు ఆ అలవాటు నేర్పింది. దాచిన కాగితాల్లో ఎవరూ చెప్పని మనుషులు ఉంటారనే ఆశ ఆ పాత్రలో ఉంది. రచయిత్రి ఆ ఆశను ప్రభువుల పెట్టెల దగ్గరే ఆపేసింది. ఆ పాఠకులను శిస్తు లెక్కల దాకా, జైలు జాబితాల దాకా, 12 సూల పిల్ల దాకా తీసుకుపోవడం విమర్శ పని. ఆ కాగితాల్లో ఉత్కంఠ తక్కువేమీ ఉండదు. మన రచయితలకు కూడా ఇందులో పాఠం ఉంది. చరిత్రను సరైన పక్కన నిలబడి రాసినంత మాత్రాన పాఠకుడు చదవడు. నవ్వించడం, ఊపిరి బిగబట్టించడం, పేజీ తిప్పించడం పాలకవర్గాల సొత్తు కాదు. ఆ నేర్పును వాళ్ళకు వదిలేసి, మనం నీరసమైన నిజాలు రాస్తే తప్పు పాఠకులది కాదు.

ఆనాడు కిర్క్‌పాట్రిక్ కట్టించడం మొదలుపెట్టిన కోఠీ రెసిడెన్సీ మీద 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో వెళ్ళి దాడి చేశారు. 1949 నుంచి అది ఆడపిల్లలు చదువుకునే కళాశాల, 2022 నుంచి విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నాలుగెకరాల చేను కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన పాలకుర్తి మనిషి పేరు ఇవాళ ఆ దొరల మేడ మీద ఉంది. ఆ గదుల్లో చదువుకునే ఎలోయిస్‌లు మన దగ్గర వేలమంది ఉన్నారు. వాళ్ళు ఏ నవల చదివినా చదవనివ్వండి. చదివాక, ఈ విందుకు ఖర్చు ఎవరు పెట్టారని అడిగే అలవాటు వాళ్ళకు అందివ్వగలిగితే చాలు.