ఎవరి పొలం వారిదే, గోదాము అందరిదీ

1910లో గలిలీ సరస్సు ఒడ్డున పదిమంది యువకులు, ఇద్దరు యువతులు కలిసి దెగానియా అనే చిన్న ఊరు కట్టుకున్నారు. కిబ్బుట్జ్ అనే ఉమ్మడి పల్లెల్లో అదే మొదటిది. భూమి ఉమ్మడి, వంట ఉమ్మడి, సంపాదనా ఉమ్మడే. ఆ ఊళ్లు చూసివచ్చినవాళ్లు అక్కడి కలిసికట్టుతనాన్ని మెచ్చుకుంటుంటే నాకు ముల్కనూరు గుర్తుకొస్తుంది. భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊరు మొన్నమొన్నటిదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది.

1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి చొరవతో 14 ఊళ్ల రైతులు 373 మంది ఇక్కడ సహకార గ్రామీణ బ్యాంకును పెట్టుకున్నారు. వాటాధనం 2,300 రూపాయలు. అంటే తలా ఆరు రూపాయల పైచిలుకు. ఇప్పుడు సభ్యుల సంఖ్య వేలల్లో ఉంది.

అప్పటి రైతు కష్టం ఒక్క వడ్డీతో పోయేది కాదు. విత్తనాల వేళ అప్పిచ్చిన సావుకారే కోతల వేళ కల్లం దగ్గరికి వచ్చి తాను చెప్పిన ధరకు వడ్లు కొలుచుకునేవాడు. మొదలూ చివరా రెండూ అతని చేతిలోనే ఉండేవి. ముల్కనూరు సంఘం ఆ రెండు కొసలనూ పట్టుకుంది. పంట అప్పు, విత్తనం, ఎరువు, పురుగుమందు సంఘమే ఇస్తుంది. పండిన పంటను సంఘమే కొంటుంది. అమ్మకం సొమ్ములోంచి బాకీ పట్టుకుని మిగిలింది రైతుకిస్తుంది. బాకీ వసూలుకు ఇంటి మీదికి పోయే పనే ఉండదు. అంతటితో ఆగలేదు. వడ్లను సొంత మిల్లులో ఆడించి, ముల్కనూరు బియ్యంగా అమ్ముతారు. పత్తికి జిన్నింగ్ మిల్లు ఉంది. వడ్లకూ బియ్యానికీ నడుమ మిగిలే లాభం ఏడాది చివర బోనస్‌గా సభ్యులకే తిరిగి వస్తుంది. ఎవరు సంఘంతో ఎంత వ్యాపారం చేస్తే వాళ్లకు అంత. ఓటు దగ్గర మాత్రం రెండెకరాలాయనా ఇరవై ఎకరాలాయనా ఒక్కటే.

ఇక్కడ రైతు తన పొలాన్ని వదులుకోనక్కర్లేదు. ఎవరి పొయ్యి వాళ్లింట్లోనే వెలుగుతుంది. కిబ్బుట్జులు చాలావరకు 1980ల నాటి అప్పుల సంక్షోభం తర్వాత అందరికీ సమాన జీతమనే పద్ధతిని వదిలేశాయి. మన రైతులు మొదటినుంచీ ఒంటరిగా ఓడిపోయే చోట్లనే కలిశారు. అప్పు దగ్గర, మిల్లు దగ్గర, బజారు దగ్గర. ఇవ్వాళ నీ చేన్ల, రేపు నా చేన్ల అని నాట్లకూ కోతలకూ ఒకరికొకరు సాయం పోయే అలవాటు మన పల్లెల్లో పాతదే. దానికి ఇక్కడ లెక్కల పుస్తకం తోడైంది. సంఘంలో అప్పు తీసుకుని పంటను బయట అమ్ముకునేవాళ్లను ఆపలేక ఎన్నో సంఘాలు కూలిపోయాయి. తూకం, ధర సరిగ్గా ఉంటాయన్న నమ్మకమే ఇక్కడి రైతును బయటికి పోనివ్వలేదు. సభ్యుడు చనిపోతే ఆ కుటుంబానికి సాయం అందే ఏర్పాటు కూడా చేసుకున్నారు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఆడవాళ్ల పాల డెయిరీ. పొదుపు సంఘాల్లో డబ్బు కూడబెట్టడం, అప్పు ఇవ్వడం, చిట్టా రాయడం నేర్చుకున్న మహిళలు సహకార అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో 2000లో దాన్ని మొదలుపెట్టారు. పాలు అమ్మేది స్వకృషి అనే పేరుతో. సర్కారు వాటా గానీ పెత్తనం గానీ లేకుండా సంఘాలు నడిచే వీలు కల్పించిన 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదు చేయించుకున్నారు. సభ్యులంతా ఆడవాళ్లే, పాలకవర్గమూ వాళ్లదే. ఊరి కేంద్రంలో పాలు కొలిచి, వెన్న శాతం చూసి, దాన్ని బట్టి ధర కడతారు. బర్రెకు గడ్డి కోసి, నీళ్లు పెట్టి, పాలు పిండేది ఆమె. ఆ కష్టానికి లెక్క ఆమె పేరుమీదనే నడవడం ఎంత పెద్ద మార్పో, పాల డబ్బు కోసం ఇంట్లో చేయి చాపిన తల్లులను చూసినవాళ్లకు తెలుసు.

ముల్కనూరు చూడాలనుకునేవాళ్లు మిల్లు, గోదాము చూసి వచ్చేయకూడదు. వీలైతే వార్షిక మహాసభ నాటికి పోవాలి. తూకం నుంచి బోనస్ దాకా సభ్యులు అడిగేవాటికి పాలకవర్గం అందరి ముందూ జవాబు చెప్పుకోవాల్సింది అక్కడే.