పిల్లమేక ఎత్తులో గాలి

రంగూన్‌లో, అదే మన రంగంలో, పజుండౌంగ్‌లోని బావ ఇంట్లో దిగి ఈ రోజుకి ఆరు రోజులు. ఈ కాలమ్ చదివేవాళ్లకి మా మేనత్త కొడుకు కొత్తవాడు కాదు. నేను రాసిన రంగం కబుర్లలో సగం అతను చెప్పినవే. పజుండౌంగ్ వాగుకి ఆవలి ఒడ్డున, దౌబోన్‌లో, అతనికి ఒక రేకుల పాక ఉంది. అందులో పదకొండు మేకలు, ఈ వానల్లో పుట్టిన ఐదు పిల్లలు. ఆ పిల్లలు దగ్గుతున్నాయి.

మంగళవారం తెల్లవారుజామున పాకలోకి వెళ్లాను. నిలబడి చూస్తే ఏమీ తెలియలేదు, మామూలు మేకల వాసనే. ఒక పిల్ల పుసులు కట్టిన కళ్లతో మూల ముడుచుకుని పడుకుంది. ఎత్తుకుందామని మోకాళ్ల మీద కూర్చున్నాను. కళ్లు భగ్గుమన్నాయి, గొంతు పట్టేసింది. లేచి నిలబడ్డాక సర్దుకుంది. మళ్లీ వంగాను, మళ్లీ అదే మంట. నిలబడ్డ నా ముక్కుకీ, పడుకున్న దాని ముక్కుకీ మధ్య దూరం ఐదడుగులకి మించదు.

“ఏటి బావా, మేకల కాడ మేకవాసన రాక మల్లెపూల వాసనొస్తాదేటి? ఆ వాసన మందని నువ్వే కదా పేపర్లో రాసినావు?” అన్నాడు బావ.

రాశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. చరక సంహిత చెప్పిన ఎనిమిది మూత్రాల్లో మేకది ఒకటని రాశాను. క్షయరోగిని మేకల మధ్య పడుకోబెట్టమని ఆయుర్వేదం చెప్పిందనీ రాశాను. పెద్దల మాటని పరీక్షించకుండా పారేయకూడదన్నది నా పాత పట్టు. ఆ పట్టు ఇప్పటికీ వదల్లేదు. కానీ పరీక్షించడమంటే మోకాళ్ల మీద కూర్చోవడమని ఈ వారమే తెలిసింది.

పోతు వాసన వేరు, ఈ ఘాటు వేరు. ఎదకాలంలో పోతు తన గడ్డం మీద, ముందుకాళ్ల మీద తానే మూత్రం చిమ్ముకుంటుంది. దానికి కొమ్ముల వెనక గ్రంథుల కంపు తోడవుతుంది. ఆ వాసన ఎంత ముతకగా ఉన్నా పిల్లలకి దానివల్ల హాని లేదు. హాని చేసేది అమోనియా. పెద్ద మేక రోజుకి సుమారు లీటరు మూత్రం పోస్తుంది. అందులోని యూరియా వల్ల అప్పటికప్పుడు ఏ ముప్పూ రాదు. కింద పెంటలో ఉండే సూక్ష్మజీవులు తగిలాక గంటల్లోనే అది విరిగి అమోనియా అవుతుంది. పుట్టేది నేల మీదే కాబట్టి ఘాటు నేల దగ్గరే ఎక్కువ, పిల్లలు పడుకునేదీ అక్కడే. ఊపిరితో వచ్చిన దుమ్మునీ క్రిములనీ బయటికి నెట్టే సన్నని నూగు శ్వాసనాళంలో ఉంటుంది. అమోనియా దాన్ని దెబ్బతీస్తుంది. అప్పటిదాకా గొంతులో ఊరికే ఉన్న క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి. పాకలో గాలి పది లక్షల పాళ్లయితే అందులో అమోనియా 25 పాళ్లు దాటకూడదంటారు. రోజూ ఆ గాలిలో మసిలేవాడి ముక్కు మొద్దుబారిపోతుంది. బావకి తెలియకపోవడం అతని తప్పు కాదు.

పైగా బావ అశ్రద్ధ మనిషి కాదు. కిందటేడు అప్పు చేసి సిమెంటు గచ్చు వేయించాడు. రోజూ పొద్దున్నే బిందెలతో కడుగుతాడు. తడి మీద సున్నం చల్లుతాడు. ఏడాదికి దాదాపు 2,700 మిల్లీమీటర్ల వాన, అందులో చాలా భాగం మే నుంచి అక్టోబరు లోపలే పడే ఊరిది. కడిగిన గచ్చు ఆరేదెప్పుడు? ఆరని తడిలో అమోనియాతో పాటు రక్తపారుడు తెచ్చే కాక్సిడియా కూడా ముదురుతుంది. ఇక సున్నం. కుళ్లిన మూత్రం మీద క్షారం పడితే అందులో అణిగి ఉన్న అమోనియా ఒక్కసారిగా గాలిలోకి లేస్తుంది. బూడిద చల్లినా అంతే. తడి ఎత్తేసి, నేల ఆరాక చల్లితే సున్నం మంచిదే.

ఈ గచ్చు మీద పిల్లల్ని చూస్తుంటే మా మామ్మ, ఆవిడ ఇక్కడ పెంచిన ఒక మేకపిల్ల గుర్తొచ్చాయి. తర్వాత ఇండియా చేరాక, విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపులో సాయంత్రాలు ఆవిడ చెప్పిన కథల్లో ఆ పిల్ల కథ ఒక్కటే ఎప్పుడూ మధ్యలో ఆపేసేది.

పజుండౌంగ్ వాగు ఒడ్డంతా అప్పట్లో బియ్యం మిల్లులు. ధాన్యం పడవలు వాగులోకి వచ్చేవి, బాయిలర్లు ఊకతో మండేవి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసింది బర్మా. ఆ బస్తాలు మోసినవాళ్లలో కోరంగి, కాకినాడ, విశాఖ, గంజాం వైపుల నుంచి ఓడెక్కిన మనవాళ్లు ఎందరో. అందరినీ కలిపి కొరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక లక్షల మంది నడిచి ఇండియా దారి పట్టారు. మా తాత కదల్లేదు. యుద్ధం అయ్యాక మిల్లు పక్కనే నాలుగు మేకలు పెట్టాడు. మేపడానికి బీడు లేదు. తవుడు మాత్రం కావలసినంత. రోజూ గోనెసంచిలో తెచ్చి పోసేవాడు.

ఒక పోతుపిల్ల మామ్మకి ప్రాణం. కండ బాగా పడుతుందని నెల తిరక్కుండానే విత్తులు కొట్టించారు. తవుడు తిని అయిదు నెలలకే నిగనిగలాడింది. దాని పొట్ట కింద, మూత్రం వచ్చేచోట వెంట్రుకలకి తెల్లని రవ్వలాంటిది అంటుకునేదట. మిల్లు దుమ్మనుకుని మామ్మ రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఒకరోజు పిల్ల వెనక్కాళ్లు చాపి ముక్కడం మొదలుపెట్టింది. కడుపు కట్టేసిందనుకుని ఆముదం పట్టారు. రాత్రంతా అరిచింది. ఒక్కొక్క బొట్టు పడింది, తర్వాత అదీ ఆగింది. మూడో రోజు పోయింది. దిష్టి తగిలిందన్నారు.

అది మిల్లు దుమ్ము కాదు. తవుడులో భాస్వరం నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా ఉంటుంది. కాల్షియం అందులో పదోవంతు కూడా ఉండదు. మేకకి భాస్వరం కంటే కాల్షియం రెట్టింపు అందాలి. ఆ లెక్క తలకిందులైతే మిగులు భాస్వరం మూత్రంలోకి దిగి, రవ్వగా, రాయిగా కడుతుంది. ఆడమేకకి దారి వెడల్పు కాబట్టి బయటపడుతుంది. పోతుకి దారి సన్నం, చివర తోకలాంటి సన్నని ముక్క, రాయి అక్కడ ఇరుక్కుంటుంది. పసితనంలోనే విత్తులు కొడితే ఆ దారి పెరగాల్సినంత పెరగదు. మామ్మ రోజూ గుడ్డతో తుడిచింది రాబోయే చావుకి ముందు కనిపించిన గుర్తుని. అది చెప్పగలిగినవాళ్లు ఆ రోజు పక్కన లేరు.

బావ ఇంటి వెనక కూడా తవుడు బస్తా ఉంది. ఐదు పిల్లల్లో మూడు పోతులు.

మురికి కడగాలని, వాసన పోగొట్టాలని రాయడానికే ఈ వారం కూర్చున్నాను. కడగడం వల్లే తడి పెరిగిందని తేలింది. బర్మా ఇళ్లు గుంజల మీద నిలబడినట్టే మేకలనీ నేల నుంచి పైకెత్తాలి. బుధ, గురువారాల్లో ఇద్దరం కూర్చుని వెదురు బద్దలతో రెండడుగుల ఎత్తున మంచె కట్టాం. బద్దల మధ్య చిటికెనవేలు పట్టేంత సందు. మూత్రం, పెంట కిందికి జారతాయి, పిల్లలు పొడిగా పడుకుంటాయి. గాలి ఆడేలా రెండు పక్కల రేకులు పైకి జరిపాం. మంచె కింద పోగయ్యే పెంటని రెండు రోజులకోసారి గోకి ఎత్తేస్తానని బావ ఒప్పుకున్నాడు. తవుడు తగ్గించి అవిసాకు, సుబాబుల్ రొట్ట, చిటికెడు ఉప్పు, ఎప్పుడూ శుభ్రమైన నీళ్లు. విత్తులు కొట్టించడం ఇంకొన్ని నెలలు ఆపమని కూడా చెప్పాను. దగ్గు ఎక్కువగా ఉన్న రెండింటినీ పశువుల డాక్టరుకి చూపించాం.

మేకల పాకలో గాలి మందని రాసిన మాటని వెనక్కి తీసుకుంటున్నాను. క్షయ ఉన్నవాళ్లు ఆసుపత్రి మందులు పూర్తిగా వాడాలి.

మీ దొడ్డిలో మేకపిల్లలుంటే రేపు తెల్లవారాక, తలుపులన్నీ తెరవకముందు, లోపలికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కసారి ఊపిరి పీల్చండి. కళ్లు మండితే ఆ తడి ఆ పూటే ఎత్తేయండి. లేచేముందు పోతుపిల్లల పొట్ట కింద వెంట్రుకలు కూడా వేళ్లతో తడిమి చూడండి. రవ్వ తగిలితే తుడిచి ఊరుకోవద్దు, తవుడు బస్తా మూతి కట్టేసి డాక్టరుకి చూపించండి.