మోటారు మూగది, కత్తి చెబుతుంది

తోట పనిముట్టు కొనడానికి వెళితే ఇప్పుడు దుకాణంలో మొదట వినిపించే మాట ‘బ్రష్‌లెస్’. దాని వెనకే ‘ఇక మెయింటెనెన్స్ అక్కర్లేదు’ అన్న భరోసా. రాయ్‌పూర్ స్టేషన్ దగ్గరి హార్డ్‌వేర్ దుకాణాల్లో అదే మాట, నవా రాయ్‌పూర్ కొత్త ఇళ్లకు లాన్ వేసిపెట్టేవాళ్ల నోట అదే మాట. బ్రష్‌లు లేవన్నది నిజం. రెండో మాట నమ్మినందువల్ల మూలపడిన హెడ్జ్ ట్రిమ్మర్లు, గడ్డి కోసే మిషన్లు, ఆకులు ఊదే బ్లోయర్లు మా కాలనీ వరండాల్లో చాలానే ఉన్నాయి. వాటిలో మోటారు చెడినవి తక్కువ.

పాత మోటారులో కార్బన్ బ్రష్‌లు తిరిగే కమ్యుటేటర్‌ను ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఒరుసుకుంటాయి కనుక అరుగుతాయి. అరిగినప్పుడు నిప్పురవ్వలు కనిపిస్తాయి, మాడు వాసన వస్తుంది, వేగం తగ్గుతుంది. ఏదో తేడాగా ఉందని చేతికీ ముక్కుకీ ముందే తెలుస్తుంది. బ్రష్‌లెస్‌లో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు, కదలని భాగానికి మూడు ఫేజుల రాగి చుట్లు ఉంటాయి. ఏ చుట్టకు ఏ క్షణాన కరెంటు ఇవ్వాలో కంట్రోలర్ బోర్డు చూసుకుంటుంది. ఇలా ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో మోటారు తిప్పే పద్ధతి మీద విల్సన్, ట్రికీ అనే ఇద్దరు 1962లోనే అమెరికాలో పరిశోధన పత్రం వెలువరించారు. 1980ల్లో నియోడిమియం అయస్కాంతాలు, 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ, ఆ తర్వాత చవకైన ఎలక్ట్రానిక్స్ అన్నీ కలిసొస్తే గానీ ఆ మోటారు డురాంటా కంచె కత్తిరించే చేతికి అందలేదు.

ఒరిపిడి పోయింది. దానితోపాటే హెచ్చరికా పోయింది. కత్తి మొద్దుబారితే చాలా మిషన్లలో కంట్రోలర్ ఇంకాస్త కరెంటు తోడి వేగం నిలబెడుతుంది. చేతికి తేడా తెలియదు. లోపల పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గంతో పెరుగుతుంది: కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఆ వేడి రాగి చుట్లలో, బోర్డు మీది ట్రాన్సిస్టర్లలో, బ్యాటరీ సెల్స్‌లో చేరుతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. అంతదాకా రానివ్వకుండా కంట్రోలర్ తనంతట తానే ఆగిపోతుంది. మనం మిషను చెడిపోయిందనుకుంటాం.

అందుకే నేను చూసే గుర్తు ఒకటే, ఒక ఛార్జ్‌కు ఎంత కంచె తెగుతోంది అని. ఇదివరకు గేటు నుంచి పెరటి గోడ దాకా వచ్చిన బ్యాటరీ ఇప్పుడు సగంలో ఆగిందంటే, కొత్త బ్యాటరీ కొనేముందు కత్తి అంచు చూడాలి. ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. మోటారు ఆయుష్షు కత్తి పదునులో ఉందని చెబితే దుకాణంలో నమ్మరు, కానీ ఈ మిషన్ల గురించి నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

పదును పెట్టడం నేను నేర్చుకున్నది మా వీధిలో నేను బాబాయి అని పిలిచే ఒక పెద్దాయన దగ్గర. ఇక్కడి రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్లది బొబ్బిలి వైపు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు దారి 1931లో పూర్తయింది. ఆ దారి వెంట వచ్చి స్థిరపడ్డ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. బాబాయి మొదట చేసే పని బ్యాటరీ తీసి దూరంగా వేరే బల్ల మీద పెట్టడం. అది కాకుండా కత్తి మీద చెయ్యి వెయ్యనివ్వరు. తర్వాత పళ్ల మీద గట్టిపడ్డ జిగురును కొద్దిగా కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవాలి. డురాంటా, కాగితంపూల కొమ్మల రసం ఎండి రెండు కత్తుల మధ్య పట్టేస్తుంది, పదునున్నా మిషను బరువుగా లాగేది దానివల్లే. అప్పుడు ఆకురాయి. పంటికి ముందే ఉన్న వాలు ప్రకారం, ఒకే దిశలో, ఒక్కో పంటికి సమంగా.

“వెనక్కి లాగినప్పుడు ఎత్తెయ్యమ్మా. ముందుకెళ్లినప్పుడే అది కోస్తాది. రాసుకుంటా వెనక్కి లాగితే ఆకురాయే అరిగిపోద్ది.”

“ఎంత రాయాలి బాబాయ్?”

“అంచు మీద తెల్లటి మెరుపు గీత కనిపిస్తే అక్కడ పదును లేనట్టు. ఆ గీత పోతే చాలు, ఆపెయ్.”

మొద్దుబారిన అంచు వెలుతురును తిప్పి కొడుతుంది, పదునైన అంచు కనిపించదు. ఇంత సులువైన పరీక్ష ఏ మాన్యువల్‌లోనూ నేను చదవలేదు. మా అమ్మమ్మగారి ఊళ్లో కోతలకు ముందు కొడవళ్లకు కక్కు కొట్టించడానికి కమ్మరి దగ్గర వరసలో నిలబడేవారు. ఆ శ్రద్ధ ఈ మిషన్లకూ కావాలి. అంచు వెనక మిగిలిన చిన్న ముళ్లను సానరాయితో నున్న చేసి, కుట్టు మిషను నూనె నాలుగు చుక్కలు వేస్తే అయిపోతుంది. కొబ్బరి నూనె వద్దు. మన ఇళ్లలో చేతికందేది అదే గానీ, రాయ్‌పూర్ డిసెంబరు చలికి అది పేరుకుపోయి కత్తుల మధ్య మైనంలా నిలుస్తుంది. కొమ్మలు కోసే చిన్న చైన్ సాకైతే గుండ్రని ఆకురాయి కావాలి. ఎంత లావుదన్నది గొలుసు కొలతను బట్టి ఉంటుంది. గొలుసు వెంట వచ్చే కాగితం మీద రాసి ఉంటుంది, పారెయ్యకండి.

ఆకురాయి పట్టేముందు బాబాయి మోటారు గాలి సందులకు గుడ్డ చుడతారు. రాలే ఇనుప రజను లోపలి అయస్కాంతాలకు అంటుకుంటుందని. ఇది రాయ్‌పూర్‌లో ఆకురాయితో ఆగే సంగతి కాదు. ఉర్లా, సిల్తరా వైపు స్పాంజ్ ఐరన్ కర్మాగారాల నుంచి వచ్చే నల్లటి దుమ్ము ఇక్కడ మేడల మీద, ఆకుల మీద పడుతూనే ఉంటుంది. మా మేడ మీద ఊడ్చిన దుమ్ములో కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పితే సన్నటి నల్లపొడి అంటుకొస్తుంది. బ్లోయరు అలాంటి దుమ్ములోనే పనిచేస్తుంది. గడ్డి కోసే ట్రిమ్మర్లలో మోటారు కింద తలలోనే ఉండే రకాలు నేలకు జానెడు ఎత్తులో తిరుగుతాయి. మోటారులో అయస్కాంతానికీ, రాగి చుట్లున్న ఇనుప పళ్లకీ మధ్య మిల్లీమీటరు కన్నా తక్కువ ఖాళీ. అక్కడ చేరిన ఇనుప రజను ఊదితే పోదు, తిరిగినన్నాళ్లూ రాపిడి పెడుతుంది. ఈ ఊళ్లో మిషను వాడేవాళ్లు పని అయిన ప్రతిసారీ పొడి పెయింట్ బ్రష్‌తో గాలి సందులు దులపాలి. బ్లోయరును ఎండాకుల కోసం వాడాలి తప్ప మేడ మీది దుమ్ము ఊడ్చడానికి వాడకూడదు. దానికి చీపురే మేలు, పైగా నీళ్లు చల్లి ఊడిస్తే ఆ నల్లపొడి మన ఊపిరితిత్తుల్లోకీ పోదు.

నేల సంగతీ ఉంది. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలల్ని భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని వేరు చేస్తారు. మనం ఇళ్లు కట్టుకున్నది చాలాచోట్ల భాటా మీద, గులకరాళ్లు కలిసిన ఎర్రనేల. గడ్డి ట్రిమ్మరులో తిరిగే నైలాన్ తీగ ఆ గులకకు తగిలి తెగుతుంది. మే నెల పొడిగాలికి నైలాన్‌లో తేమ పోయి పెళుసవుతుంది కూడా. వాడబోయే ముందు రాత్రి తీగ చుట్టను నీళ్లలో నానేస్తే మళ్లీ సాగుతుంది. తీగ చుట్ట కింద ఇరుసుకు చుట్టుకున్న గడ్డిని మాత్రం ఆ రోజే తీసెయ్యాలి. అది బేరింగు సీలును కోస్తుంది.

నీళ్ల దగ్గర పాత అలవాటు అడ్డొస్తుంది. ఇక్కడి వాళ్ల ఏడాదిలో మొదటి పండుగ హరేలీ. శ్రావణ అమావాస్య అంటారు వీళ్లు; మన పంచాంగంలో అది ఆషాఢ అమావాస్య. విత్తే పని ఒక కొలిక్కి వచ్చాక నాగలి, పార, గునపం, కొడవలి అన్నీ కడిగి, వరసగా పెట్టి పూజ చేస్తారు, బెల్లం చీలా అట్లు నైవేద్యం పెడతారు, గుమ్మాలకు వేపరెమ్మలు కడతారు, పిల్లలు గేడీ కర్రలెక్కి నడుస్తారు. సెప్టెంబరు 17న భిలాయ్, రాయ్‌పూర్ కర్మాగారాల్లో విశ్వకర్మ పూజ. ఆ తర్వాత మన దసరా ఆయుధ పూజ. పనిముట్టును కొలిచే రోజులు ఇన్ని ఉన్న ఊరు ఇది. హరేలీలో నాకు బాగా నచ్చేది అది వచ్చే వేళ. దుక్కి, విత్తు పని ముగిశాక పనిముట్టును శుభ్రం చేస్తున్నారు, మళ్లీ ఏడాది పని మొదలయ్యేముందు కాదు. మట్టితో, తడితో మూలన పడేసిన ఇనుము పాడయ్యేది పనిలేని నెలల్లోనే. బ్యాటరీ మిషనుకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

కానీ దాన్ని నీళ్లతో కడగకూడదు. బోర్డుకు రెసిన్ పూత ఉంటుంది గానీ స్విచ్‌కు, కనెక్టర్లకు, బేరింగులకు ఆ రక్షణ ఉండదు. పైపుతో కొట్టిన నీరు బేరింగులోని గ్రీజును కడిగేస్తుంది, రాగి కొసలు పచ్చగా చిలుము పడతాయి. తడిగుడ్డతో ఒళ్లు, పొడిగుడ్డతో టెర్మినళ్లు తుడిస్తే చాలు. గరుకు కాగితం పెట్టి రుద్దకండి, పైపూత పోతుంది. పూజ రోజున పసుపూ కుంకుమా పిడి మీద పెట్టండి, గాలి సందుల దగ్గర వద్దు. వాడకుండా షెడ్డులో పెట్టేటప్పుడు ఆ సందులకు పలచటి గుడ్డ చుట్టండి, మట్టిగూడు కట్టే కందిరీగలకు అవి భలే ఇష్టం.

ఇక బ్యాటరీ. 18 వోల్టుల ప్యాక్‌లో 3.6 వోల్టుల సెల్స్ ఐదు వరసగా ఉంటాయి. 20 వోల్టులని రాసిన చాలా ప్యాకుల్లోనూ అవే ఐదు, నిండా ఛార్జ్ అయినప్పటి లెక్క రాస్తారంతే. ఐదింటిలో ఏ ఒక్కటి నీరసించినా ప్యాక్ అంతా ఆగుతుంది. రాయ్‌పూర్‌లో దాని శత్రువు మే నెల. బయట 45 డిగ్రీలుంటే రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. 40 డిగ్రీల దగ్గర నిండా ఛార్జ్‌తో ఏడాది ఉంచిన లిథియం సెల్ సామర్థ్యంలో దాదాపు మూడో వంతు కోల్పోతుందని, 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే నష్టం 15 శాతం దగ్గర ఆగుతుందని బ్యాటరీ నిపుణులు చెప్పే లెక్క. మన వేసవి ఏడాది పొడుగునా ఉండదు, అయినా దారి తెలుస్తోంది. కంచె పని ఆగిపోయే ఎండాకాలంలో ప్యాక్‌ను మిషన్ నుంచి తీసి, సగం ఛార్జ్‌తో, ఇంట్లో చల్లటి గదిలో పెట్టాలి. కూలరు ఎదురుగా కాదు, ఆ తడిగాలి టెర్మినళ్లకు మంచిది కాదు. రెండు మూడు నెలలకోసారి ఛార్జ్ చూసుకోవాలి; పూర్తిగా అడుగంటిన ప్యాక్‌ను చాలా ఛార్జర్లు మళ్లీ ముట్టుకోవు. పని ఆపగానే వేడి మీదున్న ప్యాక్‌ను ఛార్జర్‌లో పెట్టకండి. చెయ్యి వేస్తే వెచ్చదనం తెలియనంత వరకూ ఆగండి.

ఇంతా చేసినా ఒకరోజు ఆగిపోవచ్చు. పాత మోటార్లకు, కూలర్లకు, పంపులకు ఈ ఊళ్లో వైండింగ్ షాపులు ఉన్నాయి. బ్రష్‌లెస్‌ను చూసి వాళ్లు తల అడ్డంగా ఊపుతారు. నేను పంపేది ఈ-రిక్షా మెకానిక్‌ల దగ్గరికి. బ్యాటరీ రిక్షాలు చాలావాటిలో ఉన్నది బ్రష్‌లెస్ మోటారే, కాకపోతే పెద్దది. మోటారు తిరగకుండా వణుకుతోందంటే ఒక ఫేజు తెగిందనో, తిరిగే భాగం ఎక్కడుందో చెప్పే హాల్ సెన్సర్ పోయిందనో వాళ్లు వెంటనే అనుమానిస్తారు. బోర్డు నుంచి మూడు తీగలు విప్పి, ఇరుసును చేత్తో తిప్పుతారు. తీగలు తగిలించినప్పుడు బిగుసుగా, విప్పితే తేలిగ్గా తిరిగితే బోర్డు మీద ట్రాన్సిస్టర్ షార్ట్ అయినట్టు. విప్పాక రెండేసి తీగల్ని కలిపి తిప్పి చూస్తారు. ఏ జతకైనా బిగువు రాకపోతే ఆ చుట్ట తెగినట్టు. అన్నీ బాగుండి గరగర మంటే బేరింగు. బేరింగు మీద నంబరు చూపిస్తే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఆ అయస్కాంతాల రోటరును ఇంట్లో మీరే లాగి తీయబోకండి. తిరిగి లోపలికి దూకేటప్పుడు వేళ్లు నలుగుతాయి, అయస్కాంతం పెచ్చులూడుతుంది.

బోర్డు పోతే మాత్రం ఆ మెకానిక్ చేతిలోనూ ఏమీ ఉండదు. విడిగా బోర్డు అమ్మేవాళ్లు తక్కువ. మోటారూ బోర్డూ కలిపి కొనమంటారు, ధర కొత్త మిషనులో సగం దాటుతుంది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది, వ్యవసాయ పరికరాలు కూడా అందులో ఉన్నాయి. తోట మిషన్లు అమ్మే ప్రతి సంస్థా బోర్డు, బేరింగులు, స్విచ్ విడివిడిగా దొరికే చోటు, ధర అందులో పెట్టాలని నా గట్టి కోరిక. కొనేముందు దుకాణంలో ఆ మూడింటి ధర అడగండి. చెప్పలేకపోతే పక్క దుకాణానికి వెళ్లండి.

ఆయుష్షు తీరిన ప్యాక్‌ను పాత ఇనుము కొనేవాళ్లకు వెయ్యకండి, చెత్తబండిలోనూ వెయ్యకండి. నలిగితే మంట లేస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులది, వేరుగా అప్పగించే బాధ్యత మనది. టెర్మినళ్ల మీద ఇన్సులేషన్ టేపు అంటించి, కొన్న దుకాణానికే తీసుకెళ్లి ఇవ్వండి. తీసుకోబోమంటే కంపెనీకి ఫిర్యాదు రాయండి.