పెళ్లిచూపుల్లో చెప్పని ఉద్యోగం

వినుకొండలో పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు అబ్బాయి తరఫువాళ్లు "మావాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరండీ" అని అక్కడితో ఆగిపోతారు. అమ్మాయి మేనమామ కాస్త లోకం చూసినవాడైతే ఊరుకోడు. "డెవలప్‌మెంటా బాబూ, టెస్టింగా?" అని అడుగుతాడు. కుర్రాడు ఓ క్షణం తటపటాయించి, "టెస్టింగేనండీ, కానీ ఆటోమేషన్" అంటాడు. ఆ 'కానీ'లో పరిశ్రమ చరిత్ర సగం ఉంది. కోడు రాసేవాడు మేస్త్రీ, తప్పులు వెతికేవాడు వెనకాల తిరిగే కూలీ అన్న లెక్క ఆఫీసుల్లో పుట్టి పెళ్లిపందిరి దాకా వచ్చింది.

ఈ కాలమ్ రాసేవాడు ఆ లెక్కను ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడానికి మంచి సాక్ష్యం తెలుగు అక్షరమాలలోనే దొరికింది.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒకే ఒక్క అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను పడగొట్టింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనులో ఆ అక్షరం వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ మూతపడేది. జీమెయిల్‌లో వస్తే జీమెయిల్, మెసెంజర్‌లో వస్తే మెసెంజర్. తెరిచిన ప్రతిసారీ అదే అక్షరాన్ని గీయబోయి మళ్లీ మూతపడేది. నోటిఫికేషన్‌గా వచ్చిందా, ఫోను ముఖం చూపించే ప్రోగ్రామే కుప్పకూలేది. ఆపిల్ వాచీలు, మ్యాక్ కంప్యూటర్లు కూడా తప్పించుకోలేదు. తెలుగు ఒక్క ముక్క రాని ఆకతాయిలు ఇటలీ నుంచి అమెరికా దాకా ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని సరదా పడ్డారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి గండం గట్టెక్కింది.

నిజానికి తప్పు మన 'జ్ఞా'ది కాదు. జ్ఞానం, జ్ఞాపకం అని మామూలుగా టైపు చేస్తే ఐఫోనుకు ఏమీ అయ్యేది కాదు. జ కింద ఞ ఒత్తు పడ్డాక, దీర్ఘం పెట్టేముందు కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరితేనే ప్రమాదం. రెండు అక్షరాలు అతుక్కుపోకుండా ఆపే ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అదేదో అరుదైన వస్తువనుకోనక్కర్లేదు. 'సాఫ్ట్‌వేర్' అని తెలుగులో రాసిన ప్రతిసారీ ట పొల్లుకూ వే కూ మధ్య అదే కూర్చుని ఉంటుంది. ఈ కాలమ్‌లోనే అది చాలాచోట్ల ఉంది. మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ ఆ రోజుల్లోనే ఓపిగ్గా తవ్వి చూసి, తెలుగుతో పాటు బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని కలయికలు ఇలాగే ఫోనును కూల్చుతున్నాయని బయటపెట్టాడు.

డెవలపర్‌కు ఇది తట్టకపోవడంలో వింత లేదు. అక్షరాలు సరైన వరుసలో వస్తే ఎలా గీయాలో ఆయన రాశాడు, ఫోను సరిగ్గానే గీసింది. దీర్ఘం ముందు ఉండకూడని గుర్తు ఉంటే ఏమవుతుందన్నది వేరే బుర్రకు తట్టాల్సిన ప్రశ్న. తెలుగు రోజూ టైపు చేసేవాళ్ల వేళ్లు ఎక్కడ తడబడతాయో తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే తట్టేదేమో. టెస్టర్ కొలువంటే ఆ తడబాటును ముందే ఊహించడం. మిగతాదంతా పనిముట్లు.

ఈ ఊహను వ్యాపారంగా మార్చి ప్రపంచానికి అమ్మడంలో హైదరాబాదుకు పెద్ద వాటా ఉంది. శశి రెడ్డి స్థాపించిన యాప్‌ల్యాబ్స్ ఎవరో రాసిన దాన్ని పరీక్షించడమే ప్రధాన వృత్తిగా పెట్టుకుని పెరిగింది. 2011లో అమెరికా సంస్థ సీఎస్‌సీ దాన్ని కొనేసింది. 1998లో చక్కిలం ఇన్ఫోటెక్‌గా మొదలైన కంపెనీ సిగ్నిటీగా పేరు మార్చుకుని అదే బాట పట్టింది. 2024లో దాన్నీ కోఫోర్జ్ చేజిక్కించుకుంది. ఈ సంస్థలు అమ్మింది ఒకటే సరుకు: బయటివాడి కన్ను. తయారుచేసినవాడికి తన సరుకులో లోపం కనిపించదు, కనిపించినా విడుదల తేదీ దాన్ని కప్పేస్తుంది. బయటివాడికి ఆ తేదీ మీద మమకారం ఉండదు. ఉండకూడదు కూడా. అయితే కాంట్రాక్టు పొడిగించేది ఆ తేదీ పెట్టిన పెద్దమనిషే కాబట్టి, ఈ 'ఉండకూడదు' ఆచరణలో ఎంత నిలుస్తుందో ఆ రంగంలో పనిచేసినవాళ్లను అడిగితే నవ్వి ఊరుకుంటారు.

బయటి కన్ను ఎందుకు, లోపలి కన్ను మాత్రం ఎందుకు అన్న వాదన కూడా ఉంది. దాన్ని గట్టిగా వినిపించినవాడు మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లే కావడం విశేషం. 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన నాదెళ్ల, ఆ జులైలో 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. అందులో ఎక్కువ భాగం నోకియా నుంచి వచ్చినవాళ్లవే. అదే సమయంలో, వేరే టెస్టర్ల బృందం ఎందుకు, రాసినవాళ్లే పరీక్షించి దిద్దుకోవడం చాలాసార్లు మేలన్న అభిప్రాయం కూడా చెప్పారు. విండోస్ విభాగంలో చాలామంది టెస్టర్ల కుర్చీలు ఖాళీ అయ్యాయి. వాళ్ల బదులు ముందస్తు వెర్షన్లను సరదాగా వాడిచూసే లక్షల మంది ఔత్సాహికులున్నారు. ఇన్‌సైడర్లని వాళ్లకు పేరు, జీతం లేదు.

నాలుగేళ్లు తిరిగాయి. 2018 అక్టోబర్ 2న విండోస్ 10 కొత్త అప్‌డేట్ వచ్చింది. కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. ఫోల్డర్లను వేరే డ్రైవుకు మార్చుకున్నవాళ్ల పాత ఫోల్డరును పనికిరానిదనుకుని అప్‌డేట్ ఊడ్చిపారేసింది, అందులో ఇంకా ఫైళ్లున్నా సరే. నాలుగు రోజులకే మైక్రోసాఫ్ట్ విడుదల ఆపేసింది, నవంబర్ 13న గాని మళ్లీ ఇవ్వలేదు. డేటా పోయిందన్న ఫిర్యాదులు పదివేలకు ఒకటి చొప్పునే వచ్చాయని కంపెనీ చెప్పింది. పదివేలలో ఒకడైన ఆ మనిషి పిల్లల ఫొటోలు మాత్రం వందకు వంద పాళ్లూ పోయాయి.

ఈ కథలో అసలు మలుపు వేరే ఉంది. ఆ లోపాన్ని ఇన్‌సైడర్లు ముందే పట్టుకున్నారు. ఫైళ్లు పోతున్నాయని విడుదలకు ముందే రాశారు. అయితే ఆ ఫిర్యాదులకు ఓట్లు పెద్దగా పడలేదు. వేల ఫిర్యాదుల్లో ఎక్కువ ఓట్లు పడ్డవే పైకి తేలతాయి, ఇవి అడుగున ఉండిపోయాయి. ఆ తర్వాతే మైక్రోసాఫ్ట్ ఫిర్యాదు పత్రంలో తీవ్రత ఎంతో చెప్పే గడి చేర్చింది. టెస్టింగ్ నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి వారంలోనే సివియారిటీ, ప్రయారిటీ అని రెండు మాటలు చెబుతారు. తగిలిన మనిషికి దెబ్బ ఎంతన్నది మొదటిది, ఎంత త్వరగా దిద్దాలన్నది రెండోది. ఎంతమందికి తగిలిందని చూసే ఓట్ల లెక్కలో ఆ మొదటిది కొట్టుకుపోయింది. కాబట్టి తప్పు పట్టుకోవడంతో టెస్టర్ పని తీరిపోదు. అది ఎంత పెద్ద తప్పో వినేవాడి చెవిన పడేలా రాయాలి. ఏం చేస్తే వస్తుంది, ఏం రావాలి, ఏం వచ్చింది అనే మూడు ముక్కలు తిన్నగా రాయలేకపోతే "నా సిస్టమ్‌లో బాగానే ఉందే" అని డెవలపర్ ఒక్క వాక్యంతో దాన్ని మూసేస్తాడు.

మన ఊరి కుర్రాళ్లకు ఈ రాత ఎవరు నేర్పుతున్నారు? నరసరావుపేటలోనో గుంటూరులోనో బీటెక్ ముగించుకుని, అమీర్‌పేట హాస్టల్లో మంచం పుచ్చుకుని, మైత్రీవనం చుట్టుపక్కల కరపత్రాలు పోగేసుకుంటారు. వాటిమీద మాన్యువల్, సెలీనియం, ఏపీఐ టెస్టింగ్, జిరా అని పనిముట్ల పేర్లుంటాయి. సెలీనియం 2004 నుంచి ఉన్న సరుకు, ఉచితం, నేర్చుకోవాల్సిందే. అది మీరు చెప్పిన బటన్ వెయ్యిసార్లు అలుపు లేకుండా నొక్కుతుంది. ఏ బటన్ నొక్కాలన్నది అది చెప్పదు. ఆ సంగతి కరపత్రంలో ఉండదు, ఇంటర్వ్యూలోనూ అరుదుగా అడుగుతారు.

చోద్యమేమిటంటే, వాళ్లు బస్సెక్కే ముందే మంచి టెస్ట్ కేసులు ఊళ్లో వదిలేసి వస్తున్నారు. వినుకొండ కన్నబిడ్డ, కవి గుర్రం జాషువా పేరునే తీసుకుందాం. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రాయడం మన పద్ధతి. అమెరికా ఫారంలో ఫస్ట్ నేమ్ అనే గడిలో ఏది రాయాలి? రాసిన వరుసలో నింపితే, ఆ ఇంటిపేరున్న ఏ తెలుగువాడికైనా "డియర్ గుర్రం" అని ఉత్తరం వస్తుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లకు అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ పడుతుంది. ఫస్ట్ నేమ్ తెలియదని దాని అర్థం. ఆ మూడక్షరాలే పేరుగా డ్రైవింగ్ లైసెన్సుల దాకా మోసిన తెలుగువాళ్లున్నారు.

వయసు సంగతి చూడండి. అరవై ఏళ్లకు పింఛను అంటే, పుస్తకం ప్రకారం టెస్టర్ 59, 60, 61 పెట్టి చూస్తాడు. దాన్ని బౌండరీ వాల్యూ అంటారు. పల్నాడు పల్లెల్లో పెద్దవాళ్లకు పుట్టినరోజు తెలియదు. వయసు మాత్రమే చెబితే ఆధార్‌లో జనవరి 1 అని పడుతుంది. అంటే జనవరి 1న ఊరూరా గుంపులుగా అరవై నిండుతాయి. సర్వర్ మీద ఆ రోజు పడే భారం సంగతి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు, సచివాలయంలో క్యూలో నిలబడ్డవాడికి తెలుస్తుంది. మిరపకాయలు కోసి కోసి అరిగిన వేళ్లు రేషన్ డిపో మిషన్ మీద పడవు. అరగని వేళ్లతో ఏసీ గదిలో వెయ్యిసార్లు పరీక్షించి పాసైపోయిన మిషన్ అది.

ఇలాంటి ఊహ లేకపోతే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు చూశాం. మంచిర్యాల జిల్లా అమ్మాయి ఒకరికి తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే 99. మూల్యాంకనం చేసినవాళ్లు ఓఎంఆర్ గడులు తప్పు దిద్దారు, పైన సరిచూడాల్సినవాళ్లు చూడలేదు. అది మనుషుల పొరపాటే, నిజమే. కానీ మిగతా సబ్జెక్టుల్లో బాగా మార్కులు తెచ్చుకున్న పిల్లకు ఒక్క భాషలో సున్నా పడితే, 'ఆగండి, ఇది ఒకసారి చూడండి' అని అడిగే వాక్యం ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండాల్సింది. ఉండాలని అడిగే టెస్టర్ ఉండాల్సింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, తప్పినవారందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. అప్పటికే పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఫైలు ఒకటి 85 లక్షల విండోస్ కంప్యూటర్లను ఆపేసినప్పుడు కూడా కారణం చిన్నదే. ఒకచోట 21 విలువలు ఆశించారు, అందింది 20. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ పెన్ను ఏ టెస్ట్ ప్లాన్‌లోనూ లేదు, అయినా ఆ రోజు విమానం ఎక్కించింది అదే.

ఇప్పుడు టెస్ట్ కేసులు ఏఐ రాసిపెడుతుంది, నిమిషంలో రెండొందలు. పని పోతుందని అమీర్‌పేట భయపడుతోంది. కొంత పోతుంది, దాచుకునేదేమీ లేదు. బటన్ నొక్కే పని ఎప్పుడో మిషన్‌కు పోయింది, పుస్తకంలో ఉన్న కేసులు రాసే పని ఇప్పుడు పోతోంది. మిగిలేది పుస్తకంలో లేనిది. టెస్టింగ్ సేవలు కొనే ప్రాడక్ట్ టీములు ఇంకా నెలకు ఎన్ని కేసులు నడిపారని లెక్క అడుగుతున్నాయి. ఈ కాలమ్ రాసేవాడి దృష్టిలో అడగాల్సింది ఇంకొకటుంది: మీరు పట్టుకున్నవాటిలో మేము విననివి ఎన్ని?

పుస్తకంలో లేని కేసు ఒకటి చూడండి. కరోనా రోజుల్లో హైదరాబాదు టెస్టర్లు చాలామంది ఇళ్లకు వచ్చి మేడమీద గదుల్లోంచి పనిచేశారు. కరెంటు పోయేది, సిగ్నల్ ఒక గీతకు పడిపోయేది. అనుకోకుండా వాళ్ల యాప్‌కు అసలైన పరీక్ష అప్పుడు జరిగింది. ఆఫీసు వైఫైలో ఎన్నడూ కనిపించని తప్పు ఆ ఒక్క గీత దగ్గర బయటపడుతుంది: ఇటు డబ్బు కట్ అవుతుంది, అటు కొట్టువాడికి చేరినట్టు మెసేజ్ రాదు. కొట్టువాడు సరుకు ఇవ్వడు, కొన్నవాడు కదలడు. దీనికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే నియమం పెట్టింది. యూపీఐలో కొట్టుకు కట్టిన డబ్బు ఇలా ఇరుక్కుంటే లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోపు వెనక్కి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున, ఖాతాదారు అడగకపోయినా జమ చేయాలి. ఆ వంద జమ అయిందని చెప్పిన మనిషి ఈ కాలమ్ రాసేవాడికి ఇంతవరకూ తారసపడలేదు.